వైజాగ్‌లో సొంత పాటల బ్యాండ్: అపోహలు, వాస్తవాలు

నేను బేస్ గిటార్ వాయిస్తాను, వేరేవాళ్ళ ప్రోగ్రామ్ ఉన్నప్పుడు సౌండ్ కూడా చూస్తాను. కాలేజీ ఫెస్టులు, రుషికొండ వైపు కేఫ్‌లు, సిరిపురం చుట్టుపక్కల హాళ్ళు, ఎక్కువగా ఇవే. సొంత పాటలతో రాక్ బ్యాండ్ పెట్టే కుర్రాళ్ళు, అమ్మాయిలు ఏటా కొత్తగా కనిపిస్తారు, వాళ్ళలో చాలామంది రెండో ఏడు దాటకుండానే ఆగిపోతారు. పాటలు బాగోలేక ఆగినవాళ్ళు తక్కువ. ముందే మాట్లాడుకోవాల్సినవి మాట్లాడుకోక ఆగినవాళ్ళే ఎక్కువ. దానికి తోడు ఎవరో చెప్పిన మాటలు పట్టుకుని, డబ్బూ టైమూ పెట్టకూడని చోట పెట్టేస్తారు. నేను తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: వైజాగ్‌లో ఉంటే ఏమీ అవ్వదు, హైదరాబాదో బెంగళూరో వెళ్ళిపోవాలి.

ఆర్.ఇ.ఎమ్. అనే అమెరికన్ బ్యాండ్ 1980లో జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ అనే యూనివర్సిటీ ఊళ్ళో మొదలైంది. మొదటి షో ఒక స్నేహితురాలి పుట్టినరోజు పార్టీలో. మొదటి సింగిల్ (విడిగా వచ్చే పాట) 1981లో ఒక చిన్న లేబుల్ (పాటలు విడుదల చేసే కంపెనీ) మీద వచ్చింది, మొదటి ఆల్బమ్ 1983లో, దేశదేశాల్లో వాళ్ళ పేరు మోగిపోయింది మాత్రం 1991లో. అంటే పదకొండేళ్ళు. మొదటి రోజుల్లో వాళ్ళు ఊరు మారలేదు, వ్యాన్‌లో చుట్టుపక్కల రాష్ట్రాల చిన్న క్లబ్బులన్నీ తిరిగి వాయించి మళ్ళీ ఇంటికి వచ్చేవాళ్ళు. మనదీ యూనివర్సిటీ ఊరే. ఆంధ్రా యూనివర్సిటీ 1926 నుంచి ఉంది, తర్వాత ఎన్నో కాలేజీలు వచ్చాయి, ఏటా కొత్త బ్యాచ్ వినడానికి సిద్ధంగా దిగుతుంది. విజయనగరం, శ్రీకాకుళం, కాకినాడ వెళ్ళి వాయించి ఆ రాత్రికే తిరిగి రావచ్చు. శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే శనివారం హైదరాబాదులో వాయించి సోమవారం పొద్దున్నకల్లా ఇంట్లో ఉంటాం. ఇక్కడ వాయించే చోట్లు తక్కువే, నిజం. కానీ పెద్ద ఊళ్ళో అద్దె కట్టడానికి నలుగురూ నాలుగు షిఫ్టుల్లో ఉద్యోగం చేస్తే ప్రాక్టీసుకి కలిసే రోజే దొరకదు. మొదటి మూడేళ్ళలో ప్రాక్టీసు కంటే పెద్ద ఆస్తి లేదు.

అపోహ: ఇక్కడ డ్రమ్మర్లు, బేసిస్టులు దొరకరు.

ఆదివారం చర్చికి వెళ్ళి చూడండి. ఈ ఊళ్ళో టైమ్ తప్పకుండా వాయించే డ్రమ్మర్లలో, బేసిస్టుల్లో చాలామంది అక్కడ నేర్చుకున్నవాళ్ళే. పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించేవాళ్ళు అప్పటికప్పుడు శ్రుతి మార్చి వాయించగలరు, ఆ పనితనం సామాన్యమైనది కాదు. "వాళ్ళు రాక్ వినరు" అని పక్కన పెట్టేయకండి, పిలిచి పాట వినిపించండి.

అపోహ: రాక్‌కి తెలుగు కుదరదు.

ఈ మాట నాకు నిజంగా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే తప్పు భాషది కాదు, మనం పాట కట్టే పద్ధతిది. చాలామంది ముందు ఇంగ్లీషులాంటి శబ్దాలతో ట్యూన్ కట్టేసి, తర్వాత అందులో తెలుగు మాటలు కూరుతారు. ఇంగ్లీషులో ఊనిక ఉన్న చోట స్వరం సాగుతుంది. తెలుగులో అచ్చు పొడుగు మారితే అర్థమే మారిపోతుంది, "కల"ని సాగదీస్తే వినేవాడికి "కాల" అని వినిపిస్తుంది. కాబట్టి నా దగ్గరికి వచ్చే గాయకులకి ఒకటే చెప్తాను: లైన్ రాసుకుని దీర్ఘాలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకోండి, పొడుగు స్వరాలు వాటి మీదే వేయండి, పొట్టి అచ్చుల మీద గిటార్‌ని సాగనివ్వండి. ఇంత చేస్తే పాట సగం సర్దుకుంటుంది.

ఇంకో సంగతి చెప్పాలి. గురజాడ ముత్యాల సరం నడక మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు. పాశ్చాత్య సంగీతం వాళ్ళు ఏడు బీట్ల లెక్క అని భయం భయంగా నేర్చుకునేది ఇదే, కర్ణాటక సంగీతంలో మిశ్రచాపు అనేదీ ఇదే లెక్క. మనం చిన్నప్పుడు బళ్ళో ఈ నడకలోనే పద్యాలు అప్పజెప్పాం, ఒంట్లో ఉన్న లయే. డ్రమ్మర్‌ని మొదటి మాత్ర మీద కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), నాలుగో మాత్ర మీద స్నేర్ (పుల్లలతో కొట్టే చిన్న డ్రమ్) వేయమనండి, బేస్ ఆ కిక్‌తో పాటే అడుగు వేయాలి. నెమ్మదిగా మొదలుపెట్టి మెట్రోనోమ్ (లయ తప్పకుండా టిక్కుమనే పరికరం) వేగం పెంచుకుంటూ వెళ్ళండి. ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్ళు వేసేవాళ్ళు గుండె మీద రేకు వాయిద్యం, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, వాయిస్తూనే ఎగురుతూ పాడతారు. అదీ లైవ్ బ్యాండే, మీ డ్రమ్మర్‌ని ఒకసారి తీసుకెళ్ళి దగ్గరగా కూర్చోబెట్టండి. కేరళలో అవియల్ బ్యాండ్ 2008 ఆల్బమ్‌లో మలయాళంలో గట్టి రాక్ చేసి చూపించింది. హైదరాబాదు నుంచి చౌరస్తా అనే బ్యాండ్ తెలుగులో సొంత పాటలు పాడింది. ఇక కుదరదనే మాట ఎందుకు?

అపోహ: ఖరీదైన గిటార్, పెద్ద యాంప్ ఉంటేనే సౌండ్ వస్తుంది.

మన ఊళ్ళో ముందు పోరాడాల్సింది ఉప్పుగాలితో. బీచ్ రోడ్డులో వాయించి గిటార్‌ని అలాగే కవర్లో పెట్టేస్తే తీగలు తొందరగా తుప్పు పడతాయి. వాయించిన వెంటనే పొడి గుడ్డతో తుడవండి, కేసులో సిలికా జెల్ పొట్లాలు వేయండి, తేమకి గిటార్ నెక్ (మెడ) వంగితే సెటప్ (సరిచేయడం) చేయించండి. కొత్త గిటార్ డబ్బుతో మంచి తీగలు, ఒక డీఐ బాక్స్ (గిటార్ శబ్దాన్ని పొడుగు కేబుల్ మీద పాడవకుండా సౌండ్ మిక్సర్‌కి పంపే చిన్న పెట్టె), ఇద్దరికి సరిపడా ఇన్‌పుట్లున్న రికార్డింగ్ ఇంటర్‌ఫేస్ (గిటార్, మైకుల శబ్దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేది) కొనుక్కోవచ్చు. గిటార్ కేబుల్ ఆరు మీటర్లు దాటితే సన్నటి, పదునైన శబ్దాలు మొద్దుబారతాయి, దూరంగా ఉన్న మిక్సర్‌కి వెళ్ళాలంటే డీఐ వేసుకోండి.

కరెంటు సంగతి మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. గిటార్ తీగలు పట్టుకుని పాడుతుండగా మైకు పెదవికి తగిలి జిల్లుమంటే, అక్కడ ఎర్తింగ్ సరిగ్గా లేదని అర్థం. వెంటనే ఆపేయండి. యాంపులు, మిక్సర్ అన్నీ ఎర్తింగ్ సరిగ్గా ఉన్న ఒకే పాయింట్ నుంచి తీసుకోవాలి. గుర్రుమనే శబ్దం పోవాలని ప్లగ్గులో ఎర్త్ కోసం ఉండే మూడో పిన్ను విరిచేసేవాళ్ళని చూశాను, ప్రాణాలు పోతాయి.

అపోహ: బీచ్‌లో ఎప్పుడైనా, ఎంతసేపైనా వాయించుకోవచ్చు.

కుదరదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కి రాతపూర్వక అనుమతి ఉండాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట వాడకూడదు. కాబట్టి మీ గట్టి పాటలు ముందు పెట్టుకోండి.

అపోహ: ఫ్రీగా వాయిస్తే పేరొస్తుంది.

ఒక్కోసారి వస్తుంది. కానీ డబ్బు లేనప్పుడు వేరే ఏదైనా అడగాలి: రానూపోనూ ఆటో ఖర్చు, భోజనం, సౌండ్ చెక్‌కి సరిపడా టైమ్, మిక్సర్ నుంచి ఆ రాత్రి రికార్డింగ్. ఇవీ ఇవ్వనివాళ్ళకి మీ పేరు మీద అక్కర లేదు.

అపోహ: పాట స్ట్రీమింగ్‌లో పెడితే డబ్బులు వస్తూనే ఉంటాయి.

స్పాటిఫైలో 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో 1,000 స్ట్రీములు దాటని పాటకి రికార్డింగ్ రాయల్టీ రాదు. మన పాటల్ని స్ట్రీమింగ్ యాప్‌లకి చేర్చే డిస్ట్రిబ్యూటర్లలో, ఏటా ఫీజు తీసుకునే కొందరి దగ్గర, కట్టడం మానేస్తే పాటలు తీసేస్తారు కూడా. పాట పెట్టండి, తప్పకుండా పెట్టండి, కానీ దాన్ని జీతంలా లెక్కేసుకోవద్దు.

అపోహ: ఫ్రెండ్స్ మధ్య కాగితాలెందుకు?

నేను చూసిన బ్యాండ్లని ఎక్కువగా మింగేసింది ఇదే. పాట పుట్టగానే కాపీరైట్ పుడుతుంది, రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు. మాట రాసినవాళ్ళకి మాట మీద, బాణీ కట్టినవాళ్ళకి బాణీ మీద హక్కు. మరి జామ్‌రూమ్‌లో (ప్రాక్టీసు గదిలో) నలుగురూ కలిసి కట్టిన పాట ఎవరిది? ఆర్.ఇ.ఎమ్. వాళ్ళు తాము కట్టిన పాటలన్నిటికీ అప్పుడు బ్యాండ్‌లో ఉన్న అందరి పేర్లూ వేసుకున్నారు, ఎవరు ఎంత రాశారనే గొడవకి చోటివ్వలేదు. మీరు అలాగే చేయాలని లేదు, కానీ ఏది చేసినా మొదటి పాట విడుదలయ్యేలోపే రాసుకోండి. కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ తర్వాత పాట రాసినవాళ్ళు, బాణీ కట్టినవాళ్ళు తమ రాయల్టీ వాటాని సినిమా నిర్మాతకో లేబుల్‌కో వదులుకోలేరు, వారసులకీ కాపీరైట్ సొసైటీకీ (రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థకీ) తప్ప. అది వదిలేస్తున్నట్టు రాసిన కాగితం ఎవరైనా ముందు పెడితే సంతకం పెట్టకుండా లాయరుకి చూపించండి.

పాటల వాటాతో పాటు ఇంకా రాసుకోవాల్సినవి: బ్యాండ్ పేరు ఎవరిది, అందరూ డబ్బులేసి కొన్న మిక్సర్ ఒకరు వెళ్ళిపోతే ఎవరికి, వెళ్ళినవాళ్ళ పాటలు మిగతావాళ్ళు స్టేజీ మీద వాయించొచ్చా. ఒక మంచి బ్యాండ్‌లో గాయకుడు ఉద్యోగానికి వేరే దేశం వెళ్ళాడు, డిస్ట్రిబ్యూటర్ అకౌంట్ అతని సొంత ఈమెయిల్ మీద ఉంది, మిగతా ముగ్గురు వాళ్ళ పాటని వాళ్ళే మార్చుకోలేకపోయారు. అతను చెడ్డవాడేం కాదు, మెసేజ్ చూసే తీరిక లేదంతే. బ్యాండ్ పేరుతో వేరే ఈమెయిల్ తెరవండి, డిస్ట్రిబ్యూటర్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ అన్నీ దాని మీదే పెట్టండి. పాస్‌వర్డ్ నలుగురి దగ్గరా ఉండాలి, రికవరీ ఫోన్ నంబరు ఎవరిదో కూడా ఆ కాగితంలోనే రాయండి.