రాడార్ డిటెక్టర్ కొనేముందు: అపోహలు - వాస్తవాలు

నేను మేరీలాండ్‌లో కార్ ఎలక్ట్రానిక్స్ షాపులో పనిచేస్తాను. డాష్‌క్యామ్‌లు, రాడార్ డిటెక్టర్లు బిగించడం నా పని. కార్ల వేగం కొలిచే పోలీసుల రాడార్ గన్‌ని పసిగట్టి కూతపెట్టే చిన్న పెట్టే రాడార్ డిటెక్టర్. మనవాళ్లు చాలామంది వస్తారు, నది అవతల ఆష్‌బర్న్, హెర్న్‌డన్ నుంచి కూడా. దాదాపు అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, ఇది పెట్టుకుంటే ఇక స్పీడింగ్ టికెట్ రాదు కదా?" వస్తుంది. ఎందుకొస్తుందో తెలుసుకున్నాకే డబ్బులు తీయండి.

అపోహ: బాక్సు మీద "లేజర్ డిటెక్షన్" అని ఉంది కాబట్టి లేజర్ గన్ నుంచి కూడా కాపాడుతుంది.

కాపాడదు. ఎక్కువమంది మునిగేది ఇక్కడే.

రాడార్ తరంగాలు దూరం వెళ్లేకొద్దీ వెడల్పుగా పరుచుకుంటాయి. మీకు చాలా ముందున్న కారు మీద పోలీసు గురిపెట్టినా అవి అక్కడా ఇక్కడా తగిలి చెదిరి మీ డిటెక్టర్ దాకా వస్తాయి. అందుకే ముందుగా కూత వినబడుతుంది. లేజర్ గన్ పంపేది 904 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ కాంతి. వెయ్యి అడుగుల దూరంలో కూడా ఆ కిరణం వెడల్పు సుమారు మూడడుగులే. పోలీసు దాన్ని నంబర్ ప్లేటుకో హెడ్‌లైటుకో గురిపెడతాడు, మీ డిటెక్టరేమో పైన అద్దానికి ఉంటుంది. వేగం లెక్కకట్టడానికి గన్‌కి అర సెకను కూడా అక్కర్లేదు. డిటెక్టర్ "లేజర్" అని అరిచేసరికి మీ వేగం పోలీసు కళ్ల ముందు ఉంటుంది. మీ కాలు బ్రేకు మీదికి వెళ్లేది ఆ తర్వాతే.

రాడార్‌తోనూ ఇలాంటి తంటా ఉంది. కొందరు పోలీసులు గన్‌ని ఊరికే ఆన్‌లో ఉంచరు, కారు దగ్గరికి వచ్చాకే మీట నొక్కుతారు. మీ ముందు ఇంకో కారు లేకపోతే డిటెక్టర్‌కి వినడానికి ఏమీ ఉండదు.

ఒక కుర్రాడు కొన్న డిటెక్టర్‌ని తెచ్చి కౌంటర్ మీద పెట్టి, "ఇది డిఫెక్టివ్ పీసు, వెనక్కి తీసుకోండి" అన్నాడు. నార్త్ కరోలినా వెళ్తూ వర్జీనియాలో ఐ-95 మీద, లిమిట్ 70 ఉన్నచోట 88లో దొరికాడట. ప్లగ్ పెట్టి చూశాను, పీసు బాగానే ఉంది. పట్టుకున్నది లేజర్. జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీసి, "ఫైన్ ఆన్‌లైన్‌లో కట్టనివ్వట్లేదు, ఎందుకు?" అని అడిగాడు. దాని మీద రెక్‌లెస్ డ్రైవింగ్, అంటే ప్రమాదకరంగా నడపడం, అని రాసి ఉంది. వర్జీనియాలో 85 దాటినా, లిమిట్ కంటే 20 మైళ్లు ఎక్కువైనా అది క్రిమినల్ కేసే, క్లాస్ 1 మిస్‌డిమీనర్ అనే తరగతి నేరం. చట్టంలో గరిష్ఠ శిక్ష పన్నెండు నెలల జైలు, 2,500 డాలర్ల జరిమానా. ఆ మాట వినగానే అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. డిసెంబర్‌లో ఇండియా వెళ్లి వీసా స్టాంపింగ్ చేయించుకోవాలట. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి కాసేపు కూర్చోబెట్టాను.

అతనికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. వర్జీనియాలో మామూలు స్పీడింగ్ టికెట్ క్రిమినల్ కేసు కాదు, దానికోసం నిద్ర పాడుచేసుకోవద్దు. రెక్‌లెస్ అయితే మాత్రం వాట్సాప్ గ్రూపులో సలహాలు అడక్కండి. అక్కడ ఒకరు "ఏం కాదు" అంటారు, ఇంకొకరు "డిపోర్ట్ చేస్తారు" అంటారు, ఇద్దరికీ తెలియదు. ట్రాఫిక్ లాయర్‌ని పెట్టుకుంటే కేసు తగ్గించుకునే వీలుండొచ్చు. వీసా ఫారంలో ఏం రాయాలో ఇమిగ్రేషన్ లాయర్‌నే అడగండి.

అపోహ: వర్జీనియాలోకి వెళ్లేటప్పుడు స్విచ్ ఆపేస్తే చాలు.

చాలదు. వర్జీనియాలో, వాషింగ్టన్ డీసీలో డిటెక్టర్ వాడకం నిషేధం. వర్జీనియా చట్టం ప్రకారం దానికి కరెంటు అందకూడదు, కారులో ఎవరి చేతికీ అందేలా ఉండకూడదు. వైరు పీకేసి ట్రంకులో పెట్టండి. పెద్ద వాణిజ్య ట్రక్కుల్లోనైతే ఏ రాష్ట్రంలోనూ పెట్టుకోకూడదు, అది ఫెడరల్ నిబంధన.

మిగతావి త్వరగా:

"ఎంత ఎక్కువ కూస్తే అంత మంచిది." తప్పు. పక్క కార్ల బ్లైండ్ స్పాట్ సెన్సర్లు, షాపుల ఆటోమేటిక్ తలుపులు చాలావరకు కె బ్యాండ్ అనే రాడార్ తరంగాల శ్రేణిలోనే, 24 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. చవక డిటెక్టర్ వాటన్నిటికీ కూస్తుంది. వారం తిరిగేసరికి విసుగొచ్చి సౌండు తగ్గించేస్తారు, అసలు రాడార్ వచ్చినప్పుడు వినబడదు. పోలీసులు ఎక్కువగా వాడేది కెఏ బ్యాండ్: 33.8, 34.7, 35.5 గిగాహెర్ట్జ్. కాబట్టి కెఏని దూరం నుంచి పట్టేదాన్ని, బ్లైండ్ స్పాట్ కూతల్ని వడకట్టేదాన్ని, జీపీఎస్ ఉన్నదాన్ని చూసుకోండి. రోజూ ఒకేచోట వచ్చే తప్పుడు కూతల్ని జీపీఎస్ ఉన్నది గుర్తుపెట్టుకుని అణిచేస్తుంది.

"ఫోన్లో వేజ్ మ్యాప్ యాప్ ఉంటే ఇది అక్కర్లేదు." ముందు వెళ్లినవాడు పోలీసు ఉన్నాడని నొక్కితేనే వేజ్‌కి తెలుస్తుంది. రెండూ ఉంటే మేలు.

"రాడార్‌ని జామ్ చేసేది కూడా దొరుకుతుందట." జామర్ ఫెడరల్ నేరం. నన్ను అడగొద్దు.

"హైదరాబాద్‌లో బావమరిదికి పంపిస్తే ఔటర్ మీద పనికొస్తుంది." అక్కడ గరిష్ఠ వేగం 120 కిలోమీటర్లు, పోలీసుల చేతుల్లో ఎక్కువగా కనిపించేది లేజర్ గన్నే. లేజర్ గురించి పైన చెప్పిందంతా అక్కడా వర్తిస్తుంది. అదే డబ్బుతో మంచి డాష్‌క్యామ్ పంపండి.