మీ జీఎస్టీ ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుంది? కొత్త వ్యాపారానికి అకౌంటెంట్: అపోహలు - వాస్తవాలు

కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్లు మా ఆఫీసుకు రాగానే అడిగే మొదటి మాట, "సార్, నెలకు ఎంత తీసుకుంటారు?" నేను వాళ్లను అడిగే మొదటి మాట, "మీ జీఎస్టీ ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుంది?" రిటర్న్ వేసేటప్పుడు జీఎస్టీ వెబ్‌సైట్ (పోర్టల్) పంపే ఓటీపీ అది. చాలామంది నవ్వేసి, "పాత అకౌంటెంట్‌కే వెళ్తుంది సార్, మాకెందుకా టెన్షన్" అంటారు. అసలు టెన్షన్ అక్కడే మొదలైందని వాళ్లకు అప్పటికి తెలియదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో సీఏగా ప్రాక్టీస్ చేస్తున్నాను. నా ఆర్టికల్స్ (సీఏ చదువులో భాగమైన ట్రైనింగ్) అంతా బేగంబజార్, జనరల్ బజార్ షాపుల లెక్కల మధ్యే గడిచింది. అక్కడి సేట్లు ఎంత నమ్మకస్తుడైన మునీమ్ (లెక్కల గుమస్తా) ఉన్నా, సాయంత్రం గల్లా మూసేముందు చిట్టా ఒకసారి తమ కళ్లతో చూసుకునేవాళ్లు. ఇప్పుడు చిట్టా పోయి పోర్టల్ వచ్చింది. చూసుకునే అలవాటు మాత్రం చిట్టాతోపాటే పోయింది. నేను రోజూ వినే మాటల్లో కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఆడిటర్, అకౌంటెంట్, టాక్స్ కన్సల్టెంట్ అందరూ ఒకటే

మన దగ్గర లెక్కల పని చేసే ప్రతి ఒక్కరినీ "ఆడిటర్ గారు" అనేస్తాం. పిలుపు ఏదైనా ఫర్వాలేదు కానీ, పనులు మాత్రం వేరు. బిల్లులు ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసేవాడు అకౌంటెంట్. దానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. బీకాం చదివి హోల్‌సేల్ షాపులో రెండేళ్లు పనిచేసిన కుర్రాడు ఆ పని నాకంటే వేగంగా చేస్తాడు. జీఎస్టీ ప్రాక్టీషనర్ అంటే పోర్టల్‌లో ఆ హోదాతో నమోదై, మీ తరఫున రిటర్నులు వేసే వ్యక్తి. సీఏ అంటే 1949 నాటి చట్టం కింద ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్‌లో సభ్యుడు. కంపెనీ ఆడిట్ మీదా, ఇన్‌కమ్ టాక్స్ ఆడిట్ మీదా సంతకం పెట్టగలిగేది సీఏ మాత్రమే.

మరి టైలరింగ్ షాపో, మొబైల్ రిపేర్ షాపో సొంత పేరు మీద నడుపుకునేవాళ్లకు ఎవరు కావాలి? టర్నోవర్ 2 కోట్ల లోపు ఉంటే అంచనా లాభం పద్ధతి ఉంది. బ్యాంకులో, యూపీఐలో వచ్చిన అమ్మకాల మీద 6 శాతం, నగదు అమ్మకాల మీద 8 శాతం లాభంగా చూపిస్తే చాలు, ఇన్‌కమ్ టాక్స్ కోసం ఆడిట్ అవసరం లేదు. నగదు వసూళ్లు 5 శాతం దాటకపోతే ఆ పరిమితి 3 కోట్లు. కమీషన్, ఏజెన్సీ వ్యాపారాలకు ఈ పద్ధతి వర్తించదు. మిగతావాళ్లలో చాలామందికి ఒక మంచి పార్ట్‌టైమ్ అకౌంటెంట్ ఉండి, ఏడాదికి ఒకసారి సీఏకు చూపిస్తే సరిపోతుంది. నెలనెలా సీఏకు ఫీజు కట్టడం వాళ్లకు దండగ. ఇది రాసినందుకు మావాళ్లలో కొందరు నన్ను తిట్టుకుంటారేమో, తిట్టుకోనివ్వండి.

అపోహ: ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ అక్కర్లేదు

వాస్తవం: అది ఆంధ్రప్రదేశ్‌లో. సరుకు అమ్మేవాళ్లకు పరిమితిని 2019 ఏప్రిల్ నుంచి 40 లక్షలకు పెంచినప్పుడు, పాత 20 లక్షలే ఉంచుకున్న రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. సేవలకైతే రెండుచోట్లా 20 లక్షలే. విజయవాడలో ఉన్న అన్నయ్య షాపుకు జీఎస్టీ లేదని, అదే వ్యాపారం కూకట్‌పల్లిలో పెట్టి అదే లెక్కలో కూర్చున్నవాళ్లను చూశాను. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే ఈ పరిమితులు కూడా ఉండవు. కొన్ని చేతివృత్తుల వస్తువులను మినహాయిస్తే, కోదాడ దాటించి జగ్గయ్యపేటకు ఒక్క పార్సిల్ అమ్మినా ముందు రిజిస్ట్రేషన్ ఉండాలి.

అకౌంటెంట్‌ను మాట్లాడుకునేటప్పుడు ఈ ప్రశ్న ఒకటి మామూలుగా అడిగి చూడండి. "నలభై" అని టక్కున అన్నాడంటే ఆయన చదివేది మన రాష్ట్రం నోటిఫికేషన్లు కాదు, మీరు చూసే యూట్యూబ్ వీడియోలే.

అపోహ: అమ్మకాలు లేవు కదా, తక్కువ ఫీజుకు ఎవరైనా నిల్ (సున్నా) రిటర్న్ వేసేస్తారు

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే కొత్త వ్యాపారం ఎక్కువ నష్టపోయేది అమ్మకాలు లేని ఆ మొదటి నెలల్లోనే.

చిక్కడపల్లిలో డిజిటల్ ప్రింటింగ్ షాపు పెట్టిన ఒకాయన 2024 ఫిబ్రవరిలో నా దగ్గరికి వచ్చారు. లోన్ కోసం బ్యాంకువాళ్లు లెక్కలు అడిగారట. పోర్టల్ తెరిచి జీఎస్టీఆర్-2బీ చూశాను. మన పేరు మీద అమ్మినవాళ్లు ఎక్కించిన బిల్లులన్నీ కనిపించే చోటు అది. 2023 జనవరి నెల కింద ఒక డీలర్ బిల్లు ఉంది. కలర్ ప్రింటర్, కంప్యూటర్లు, లామినేషన్ మిషన్ కలిపి 4 లక్షలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 72 వేలు. ఆ నెల రిటర్న్ చూస్తే నిల్. తర్వాతి నెలా నిల్, ఆ తర్వాతా నిల్. షాపు తెరిచింది మే నెలలో, అప్పటిదాకా అమ్మకాలు లేవు కాబట్టి అకౌంటెంట్ నిల్ కొడుతూ పోయాడు. కొనుగోలు బిల్లు ఏదైనా ఉందా అని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ 72 వేలు ఇన్‌పుట్‌గా, అంటే కొనేటప్పుడే కట్టిన పన్నుగా, తీసుకుని ఉంటే తర్వాత కట్టాల్సిన జీఎస్టీలో సర్దుబాటు అయ్యేవి. కానీ 2022-23 నాటి బిల్లు మీద ఇన్‌పుట్ తీసుకోవడానికి 2023 నవంబర్ 30తో గడువు ముగిసింది. ఆయన నా దగ్గరికి వచ్చింది ఫిబ్రవరిలో.

"సార్, ఏమైనా చేయొచ్చా?" అన్నారు. చేయడానికి ఏమీ లేదు. స్క్రీన్ మీద ఆ లైను అలాగే కనిపిస్తూ ఉంది, ఆయన దాన్నే చూస్తూ కూర్చున్నారు.

ఆ అకౌంటెంట్ దొంగేమీ కాదు. ఆయన తీసుకునేది రిటర్న్‌కు ఇంత అని. నెలవారీ రిటర్న్ గడువైన 20వ తేదీ వచ్చేసరికి డజన్ల కొద్దీ రిటర్నులు ముందేసుకుని కూర్చునే మనిషికి, మీ బిల్లుల కవరు విప్పి చూసే తీరిక ఎక్కడిది? మీరిచ్చిన డబ్బు సబ్మిట్ బటన్ నొక్కడానికే సరిపోయింది. కాబట్టి ఫీజు మాట్లాడేటప్పుడు "ఎంత" అన్న తర్వాత, "నెలనెలా మా కొనుగోలు బిల్లులను 2బీతో సరిచూస్తారా? తేడా వస్తే నాకు చెప్తారా?" అని కూడా అడగండి. చూస్తానన్నవాళ్లు ఎక్కువే తీసుకుంటారు, ఇవ్వొచ్చు.

ఆలస్య రుసుము గురించే అందరికీ భయం. నిల్ రిటర్న్ ఆలస్యమైతే రోజుకు 20 రూపాయలు, గరిష్ఠంగా 500. అమ్మకాలుంటే రోజుకు 50, టర్నోవర్ కోటిన్నర లోపు ఉన్నవాళ్లకు రిటర్న్‌కు గరిష్ఠంగా 2,000. కట్టాల్సిన పన్ను ఉంటే దాని మీద 18 శాతం వడ్డీ అదనం. ఇది కంటికి కనిపించే దెబ్బ. ఇన్‌పుట్ పోవడం కనిపించదు, ఎవరూ నోటీసు పంపరు.

అపోహ: పాస్‌వర్డ్‌లు, ఓటీపీలు అకౌంటెంట్ దగ్గరుంటేనే పని సాఫీగా జరుగుతుంది

ఆయనకు సాఫీగానే ఉంటుంది. కొత్తపేటలో బొటిక్ నడిపే ఒకావిడ రిజిస్ట్రేషన్‌లో మొబైల్ నంబరు, మెయిల్ రెండూ అకౌంటెంట్‌వే ఇచ్చారు. ఆ అబ్బాయి ఉద్యోగం మారి గల్ఫ్ వెళ్లిపోయాడు, ఇక్కడి నంబరు ఆగిపోయింది. షాపు ఆవిడదే, పాన్ ఆవిడదే, కానీ సొంత జీఎస్టీ ఖాతాలోకి ఆవిడ అడుగు పెట్టలేకపోయారు. ఇలాంటప్పుడు ఆధారాలు పట్టుకుని మన ఏరియా జీఎస్టీ సర్కిల్ అధికారిని కలవాలి. ఆయన కొత్త మెయిల్, నంబరు ఎక్కించి తాత్కాలిక పాస్‌వర్డ్ వచ్చేలా చేస్తారు. దారి ఉంది కానీ, సీజన్‌లో షాపు వదిలేసి తిరగాలి. ఈలోపు 20వ తేదీ ఆగదు కదా.

ఇంకో సంగతి, నోటీసులు ఇప్పుడు పోస్ట్‌మ్యాన్ తేవడం లేదు. మెయిల్‌కు, పోర్టల్‌కు వస్తాయి. మెయిల్ ఆయనదైతే మీకు నోటీసు వచ్చిందని మీకే తెలియదు.

మొదటి రోజే మీ నంబరు, మీ మెయిల్ పెట్టించండి. జీఎస్టీ ప్రాక్టీషనర్ అయితే ఆయన సొంత లాగిన్ నుంచే మీ పని చేసేలా పోర్టల్‌లో అనుమతి ఇవ్వొచ్చు, వద్దనుకుంటే తీసేయొచ్చు. మీ పాస్‌వర్డ్ చెప్పే పనే లేదు. ట్యాలీ డేటా బ్యాకప్ నెలకోసారి మీ మెయిల్‌కు పంపించుకోండి.

డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్ (పెన్‌డ్రైవ్ లాంటిది) అయితే మీ బీరువాలోనే ఉండాలి. అది మీ సంతకం. తప్పు ఒప్పుకోవాలంటే, నా ఆఫీసులోనూ ఒకప్పుడు బిస్కెట్ డబ్బా నిండా క్లయింట్ల డాంగిల్స్ ఉండేవి, ఒక్కోదానికి ప్లాస్టర్ మీద పేరు రాసి. ఎవరూ తిరిగి అడిగేవాళ్లు కాదు. ఒకరోజు డబ్బా కింద పడి, రెండింటి మీద పేర్లు ఊడిపోయాయి. ఏది ఎవరి సంతకమో తేలక అరగంట చెమటలు పట్టాయి. ఆ వారమే అందరివీ అందరికీ పంపేశాను.

అపోహ: టాక్స్ కట్టనివ్వకుండా చూసేవాడే మంచి ఆడిటర్

మూడేళ్లు ఆదాయం తక్కువ చూపించి, నాలుగో ఏడాది లోన్‌కు వెళ్తే బ్యాంకు మేనేజర్ చూసేది ఆ రిటర్నులే. "అసలు నాకు ఇంతకు మూడింతలు వస్తుంది సార్" అని ఆయనకు చెప్పలేరు కదా. చట్టం ఇచ్చిన మినహాయింపు ఒక్కటి కూడా వదలని ఆడిటర్ వేరు, లేని ఖర్చులు రాసే ఆడిటర్ వేరు. మొదటాయన ప్రతి ఖర్చుకూ మిమ్మల్ని బిల్లు అడిగి విసిగిస్తాడు. రెండో ఆయన ఏమీ అడగడు, మీకు ఆయనే నచ్చుతాడు.

లోన్ కోసం ఎవరైనా సీఏ సర్టిఫికెట్ ఇచ్చారంటే దాని మీద యూడీఐఎన్ ఉందేమో చూడండి. అంకెలు, అక్షరాలు కలిసిన 18 స్థానాల నంబరు అది, 2019 నుంచి తప్పనిసరి. ఇన్‌స్టిట్యూట్ యూడీఐఎన్ పోర్టల్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. నంబరు లేని సర్టిఫికెట్ కింద ఎంత పెద్ద స్టాంపు ఉన్నా బ్యాంకులో చెల్లదు.

అపోహ: కంపెనీ పెట్టాం కానీ ఇంకా రూపాయి రాలేదు, ఆడిట్ దేనికి?

మాదాపూర్, గచ్చిబౌలి కుర్రాళ్ల దగ్గర ఎక్కువగా వింటాను. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి టర్నోవర్‌తో పని లేదు, ఏటా ఆడిట్ ఉంటుంది. కంపెనీ నమోదైన 30 రోజుల్లో మొదటి ఆడిటర్‌ను బోర్డు నియమించాలి. కంపెనీల రిజిస్ట్రార్‌కు ఇచ్చే వార్షిక ఫారాలు ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు, దీనికి గరిష్ఠ పరిమితి కూడా లేదు. చట్టం ప్రకారం కంపెనీ ఆడిటరే ఆ కంపెనీ పద్దులు రాయకూడదు. "లెక్కలూ మేమే రాస్తాం, ఆడిటూ మేమే చేస్తాం, ప్యాకేజీ" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఇద్దరు, ముగ్గురు స్నేహితులు ఊరికే ట్రై చేసి చూద్దామనుకుంటే కంపెనీ జోలికే పోవద్దని నా సలహా.

అపోహ: సాఫ్ట్‌వేర్ కొంటే అకౌంటెంట్ అక్కర్లేదు

సాఫ్ట్‌వేర్ కూడిక తప్పు చేయదు. ఇంటి ఫ్రిజ్ కొన్న బిల్లును షాపు ఖర్చులో వేస్తే మాత్రం అదీ నమ్మకంగా కూడేస్తుంది.

అపోహ: మా బావమరిది బీకామే, ఇంట్లోవాళ్లయితే నమ్మకం

నమ్మకం సరే, గడువు తప్పితే ఆయన్ని గట్టిగా అడగగలరా? అడిగాక పండక్కి అత్తారింటికి వెళ్లగలరా?

అపోహ: ఆడిటర్‌ను మధ్యలో మార్చకూడదు, కోప్పడతారు

కోప్పడితే పడనివ్వండి. మా వృత్తిలో ఆడిట్ చేతులు మారేటప్పుడు కొత్త సీఏ పాత సీఏకు రాతపూర్వకంగా తెలియజేయాలన్న నియమం ఉంది. అంటే మారడం మామూలు విషయమే. పాత బాకీ ఉంటే కట్టేసి, ట్యాలీ బ్యాకప్, ఇన్‌కమ్ టాక్స్ రిటర్నుల కాపీలు, జీఎస్టీ రిటర్నులు, చలాన్లు, వచ్చిన నోటీసులు, వాటికి ఇచ్చిన జవాబులు అడిగి తీసుకోండి. మార్చి నెలలో మాత్రం మారకండి, ఏ ఆఫీసులోనూ మీ మాట వినే ఓపిక ఎవరికీ ఉండదు.

ఆ చిక్కడపల్లి ఆయన అలాగే మారి మా దగ్గరికి వచ్చారు. ఇప్పుడు ఓటీపీ ఆయన ఫోన్‌కే వెళ్తుంది. మా కుర్రాడు ఫోన్ చేసి అడిగితే వెంటనే చెప్పరు. "ఏ నెలది బాబూ? ఇన్‌పుట్ ఎంత తీసుకున్నావ్?" అని అడిగి, తన నోట్‌బుక్‌లో రాసుకున్నదాంతో చూసుకుని, అప్పుడు చెప్తారు. 20వ తేదీ సాయంత్రం మా కుర్రాడికి అది మహా చిరాకు.