చెయ్యి వేయవలసిన చోటు, వేయకూడని చోటు

సంక్రాంతి రోజుల్లో గుంటూరుకు దగ్గరలోని ఒక ఊళ్ళో కబడ్డీ పోటీలు చూస్తున్నాను. కూతకు వెళ్ళిన కుర్రవాడిని నలుగురు ఒక్కసారిగా పట్టి పడవేసినప్పుడు అతని కుడి చెయ్యి పక్కకు విరుచుకుని ఒంటి కింద పడింది. లేచి కూర్చున్నాడు గాని, ఎడమ చేత్తో కుడి మోచేతిని పట్టుకుని, దాన్ని ఒంటికి కాస్త ఎడంగా ఉంచి, ఎవరినీ దగ్గరకు రానివ్వలేదు. భుజం గుండ్రదనం పోయి మూల తేలి కనబడుతోంది. "జబ్బ జారింది" అన్నారు ఎవరో. ఆ మాట సరైనదే. అంతలో ఒక పెద్దాయన చెప్పు విడిచి, కుర్రవాడి చంకలో మడమ ఆనించి, చెయ్యి పట్టి లాగడానికి సిద్ధపడ్డారు. "వద్దు బాబాయ్, గుంటూరు తీసుకెళ్దాం" అని కుర్రవాడి మేనమామ అడ్డుపడబట్టి ఆగారు గాని, లేకపోతే ఆ లాగడం జరిగిపోయేదే.

ఇన్నేళ్ళుగా మైదానాల చుట్టూ తిరుగుతూ నేను గమనించినది ఒకటుంది. ఎముకకో కీలుకో దెబ్బ తగిలినప్పుడు మనవాళ్ళు పదిమంది ముందుకు వచ్చి చెయ్యి వేస్తారు. గుండె ఆగి మనిషి పడిపోయినప్పుడు మాత్రం అదే పదిమంది భయంతో వెనక్కి జరుగుతారు. వైద్యం కోరేది సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది.

భుజం సంగతి ముందు చూద్దాం. తుంటి కీలులో తొడ ఎముక తల లోతైన గిన్నెలో కుదురుకుని ఉంటుంది, కాబట్టి అది తేలికగా జారదు. భుజం కీలు అలా కాదు. దాన్ని సోడా మూత మీద నిలబెట్టిన నిమ్మకాయ అనుకోవచ్చు. జబ్బ ఎముక తల పెద్దది, అది ఆనుకునే గుంట చిన్నది, లోతు లేనిది. ఏ క్షణంలో చూసినా ఆ తలలో మూడో వంతుకు మించి గుంటను తాకి ఉండదు. చేతిని తల వెనక్కి, వీపు మీదికి, ఆకాశంలోకి ఎటు కావాలంటే అటు తిప్పగలుగుతున్నామంటే దానికి మనం చెల్లించిన మూల్యం ఈ నిలకడలేనితనమే. గుంట అంచున మెత్తని మృదులాస్థితో ఏర్పడిన వలయం, చుట్టూ సంచిలాంటి పొర, దాని మీద నాలుగు చిన్న కండరాల పట్టు కలిసి ఆ నిమ్మకాయను దొర్లిపోకుండా పట్టి ఉంచుతాయి. చెయ్యి పక్కకు ఎత్తి, వెనక్కి తిరిగి ఉన్న స్థితిలో దెబ్బ తగిలితే ఎముక తల ముందువైపుకు జారుతుంది. జారిన భుజాలలో నూటికి తొంభై అయిదు ఇలా జారినవే.

చంకలో మడమ పెట్టి లాగే పద్ధతి ఆ పెద్దాయన సొంతం కాదు. సుమారు 2,400 ఏళ్ళ క్రితం గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ వర్ణించినది అదే. అయితే ఆయన కాలానికి ఎక్స్‌రే లేదు. అది వచ్చినది 1895లో. జారిన కీలుతో పాటు జబ్బ ఎముక మెడ దగ్గర విరిగి ఉందేమో తెలియకుండా లాగితే విరిగిన ముక్క పక్కకు తొలగిపోవచ్చు. చంకలోంచి వెళ్ళే రక్తనాళమో నరమో నలగవచ్చు. అందుకే వైద్యుడు ముందు మణికట్టు దగ్గర నాడి చూస్తాడు, తరువాత జబ్బ బయటి వైపు, పోలీసులు బ్యాడ్జీ కుట్టించుకునే చోట, వేలితో తాకి స్పర్శ తెలుస్తోందా అని అడుగుతాడు. అక్కడ మొద్దుబారి ఉంటే భుజం మీది పెద్ద కండరానికి వెళ్ళే నరం దెబ్బతిన్నదని అనుమానించాలి. మైదానంలో మనం చేయగలిగినది తక్కువే గాని విలువైనది: చెయ్యి ఏ స్థితిలో ఉందో అదే స్థితిలో తువ్వాలుతో మెడకు వేలాడదీసి, గుడ్డలో చుట్టిన ఐసును పదిహేను ఇరవై నిమిషాలు ఆనించి, మత్తు ఇవ్వవలసి రావచ్చు గనుక తినడానికి తాగడానికి ఏమీ ఇవ్వకుండా ఆస్పత్రికి చేర్చడం. కీలు కూర్చోబెట్టాక నొప్పి దాదాపు ఆ క్షణంలోనే తగ్గుతుంది, అదే అసలు ప్రమాదం. నొప్పి తగ్గిందని నెల తిరక్కుండా కూతకు వెళ్ళిన కుర్రవాళ్ళకు భుజం మళ్ళీ మళ్ళీ జారుతుంది. ఇరవై ఏళ్ళలోపు మొదటిసారి జారినవారిలో ఈ ముప్పు చాలా ఎక్కువ. కొద్ది వారాల విశ్రాంతి, ఆపైన నెలల తరబడి కండరాలను బలపరిచే వ్యాయామం, అప్పటికీ జారుతుంటే చిరిగిన వలయాన్ని కుట్టే శస్త్రచికిత్స, ఇదీ క్రమం.

చేతి మీద పడి కాలర్ ఎముక విరగడం కూడా తరచూ జరిగేదే. అది చాలావరకు చేతిని మెడకు కట్టి ఉంచితే అతుక్కుంటుంది. ఆ ఎముక ఛాతీ మధ్యన కలిసే చోట లోపలికి జారి, మింగడమో ఊపిరి పీల్చడమో కష్టమైతే మాత్రం క్షణం ఆలస్యం చేయరాదు. దాని వెనకనే శ్వాసనాళం, పెద్ద రక్తనాళాలు ఉంటాయి.

మణికట్టు దెబ్బలో నేను కాసేపు ఆగి చెప్పదలచినది ఒకటుంది. బొటనవేలిని వెనక్కి చాపితే దాని మొదట్లో, మణికట్టు అంచున, రెండు నరాల్లాంటి తాళ్ళ మధ్య చిన్న గుంట పడుతుంది. నస్యం పీల్చేవాళ్ళు పొడి పోసుకునే గుంట అది. ఫీల్డింగులో అరచెయ్యి ఆనించి పడిన ఆటగాడికి ఆ గుంటలో నొక్కితే నొప్పి ఉంటే, దాన్ని బెణుకు అని వదిలేయకూడదు. దాని అడుగున జీడిపప్పు ఆకారంలో ఒక చిన్న ఎముక ఉంది. దానికి రక్తం వేళ్ళవైపు నుంచి వెనక్కి వస్తుంది, కాబట్టి నడుమ విరిగితే వెనకసగం రక్తం అందక ఎండిపోవచ్చు. చిత్రమేమిటంటే, మొదటిరోజు ఎక్స్‌రేలో ఆ పగులు కనబడకపోవచ్చు. "ఫోటోలో ఏమీ లేదు" అన్న మాటతో తృప్తిపడి మర్దన చేయించుకున్నవారు ఏడాది తరువాత బ్యాటు పట్టలేని స్థితిలో వస్తారు. గుంటలో నొప్పి ఉంటే కట్టు వేసి, రెండు వారాలకు మళ్ళీ ఎక్స్‌రే తీయించడమో ముందే ఎంఆర్ఐ చేయించడమో సరైన పని. బంతి తగిలి వేలి కొన వాలిపోయినప్పుడు కూడా ఇలాంటి ఓపికే కావాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలు కొనను చాపి పట్టీలో ఉంచాలి. నడుమ ఒక్కసారి వంగినా లెక్క మళ్ళీ మొదటినుంచే.

ఒక్క దెబ్బతో కాక, రోజూ చేసే పనితో అరిగే భుజాలు వేరు. విజయవాడకు విలువిద్యలో పేరుంది. వెన్నం జ్యోతి సురేఖ ఈ ఊరి అమ్మాయే, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. ఆమె వేసే కాంపౌండ్ విల్లు (కొనల్లో కప్పీలుండే విల్లు) లాగుడు బరువు 60 పౌండ్లు దాటకూడదని అంతర్జాతీయ నియమం. 50 పౌండ్ల విల్లు అనుకున్నా, ఒక్కో లాగుడుకు సుమారు 23 కిలోలు. సాధనలో 200 బాణాలు వేస్తే ఆ రోజు భుజం మోసినది 4,600 కిలోలు. బ్యాడ్మింటన్ స్మాషు, క్రికెట్ త్రో, వాలీబాల్ సర్వీసు, ఏదైనా లెక్క ఇదే తీరు. నేను చెప్పిన నాలుగు చిన్న కండరాల తాళ్ళు పైనున్న ఎముక కింద ఒరుసుకుని వాస్తాయి. చెయ్యి పక్కనుంచి ఎత్తుతుంటే సగం ఎత్తులో నొప్పి మొదలై, ఇంకా పైకి వెళ్ళాక తగ్గుతుంది. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేరు. దీనికి మందు సాగే రబ్బరు పట్టీతో చేసే నిదానమైన వ్యాయామాలు, ఆ కొన్ని వారాలు బాణాల సంఖ్య తగ్గించడం. ప్రతి పోటీకి ముందు స్టెరాయిడ్ సూది వేయించుకుని ఆడించే అలవాటును నేను ఏమాత్రం ఒప్పుకోను. సూది నొప్పిని దాస్తుంది, తాడు మాత్రం బలహీనపడుతుంది.

భుజం నొప్పి నుంచి గుండెకు దారి ఇక్కడే ఉంది. పొద్దున్నే షటిల్ ఆడే నలభై అయిదేళ్ళ మనిషి ఎడమ భుజం లాగుతోందంటే అందరూ కండ పట్టిందనో, గ్యాస్ అనో అంటారు, సోడా తాగిస్తారు. చెయ్యి కదిపితే పెరిగి, కదపకుంటే తగ్గే నొప్పి మామూలుగా కండరానిది. పరుగెత్తితే వచ్చి, కూర్చుంటే తగ్గే నొప్పి, అందులోనూ చెమట, ఆయాసం, దవడ దాకా పాకే బరువు తోడైతే అది గుండెది కావచ్చు. ఈ తేడాను కూడా పూర్తిగా నమ్ముకోకుండా ఈసీజీ తీయించుకోవాలి. ముప్పై అయిదు దాటిన ఆటగాళ్ళ ఆకస్మిక మరణాలకు ప్రధాన కారణం గుండె రక్తనాళాలు మూసుకుపోవడమే.

చిన్నవాళ్ళలో కారణాలు వేరు. పుట్టుకతోనే గుండె కండరం మందంగా పెరిగే జబ్బు సుమారు అయిదు వందల మందిలో ఒకరికి ఉంటుంది. చాలామందికి ఆ సంగతే తెలియదు. కామెరూన్ ఫుట్‌బాల్ ఆటగాడు మార్క్ వివియన్ ఫో 2003 జూన్ 26న ఫ్రాన్సులోని లియోన్ నగరంలో మ్యాచ్ మధ్యలో, ఎవరూ తాకకుండానే, కుప్పకూలి చనిపోయాడు. శవపరీక్షలో బయటపడినది ఈ జబ్బే. గుండె విద్యుత్తు దోషాలు, రక్తనాళం పుట్టవలసిన చోట పుట్టకపోవడం, వైరస్ జ్వరం తరువాత గుండె కండరం వాయడం కూడా ఈ కోవలోవే. జ్వరంలో ఆడవద్దని నేను పట్టుబట్టేది అందుకే. గుండె కండరం వాచిందని తేలితే మూడు నుంచి ఆరు నెలలు ఆటకు దూరంగా ఉండమంటారు. ఇటలీలో 1982 నుంచి పోటీ క్రీడాకారులకు ఈసీజీతో కూడిన పరీక్ష తప్పనిసరి చేశారు. ఆ దేశంలోని వెనెటో ప్రాంతంలో యువ క్రీడాకారుల ఆకస్మిక గుండె మరణాలు ఏటా లక్షకు 3.6 నుంచి, 2004 నాటికి 0.4కు తగ్గాయి. మన దగ్గర పరికరం లేకపోయినా, శిక్షకులు మూడు ప్రశ్నలు అడగవచ్చు. ఆడేటప్పుడు ఛాతీ నొప్పి వచ్చిందా? ఇంట్లో ఎవరైనా యాభై ఏళ్ళలోపు హఠాత్తుగా పోయారా? పరుగు మధ్యలో ఎప్పుడైనా స్పృహ తప్పిందా? పరుగు ముగించి నిలబడ్డాక కళ్ళు తిరగడం చాలావరకు రక్తం కాళ్ళలో నిలిచినందువల్ల జరుగుతుంది. పరుగు మధ్యలో పడిపోవడం మాత్రం వేరొకటి అని రుజువయ్యేదాకా గుండె జబ్బే.

జబ్బు ఏమీ లేని గుండె కూడా ఒక దెబ్బకు ఆగవచ్చు. 2023 జనవరి 2న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు డామర్ హామ్లిన్ ఛాతీకి దెబ్బ తగిలి, లేచి నిలబడి, మరుక్షణం వెనక్కి పడిపోయాడు. గుండె ప్రతి చప్పుడు తరువాత తనను తాను మళ్ళీ సిద్ధం చేసుకునే వేళలో, సెకనులో వందో వంతులతో లెక్కించే ఒక చిన్న సందు ఉంటుంది. సరిగ్గా ఆ సందులో, సరిగ్గా గుండె మీద, గట్టి వస్తువు తగిలితే కండరం లయ తప్పి కొట్టుకోవడం మాని వణుకుతుంది. దెబ్బ పెద్దది కానక్కరలేదు. ప్రయోగాల్లో గంటకు 64 కిలోమీటర్ల వేగపు బంతే అత్యంత ప్రమాదకరమని తేలింది, అది పిల్లల ఆటలో మామూలు వేగం. పిల్లల పక్కటెముకలు మెత్తగా వంగుతాయి గనుక దెబ్బ లోపలికి చేరుతుంది. కార్కు బంతితో ఆడే పిల్లలను బ్యాటుకు దగ్గరగా నిలబెట్టే పెద్దలు ఇది గుర్తుంచుకోవాలి.

ఇలా పడిన మనిషి చేతులు కాళ్ళు కొన్ని క్షణాలు కొట్టుకుంటాయి. కళ్ళు తెరిచే ఉండవచ్చు. నోటితో గురకలాంటి, నీటిలోంచి తీసిన చేపలాంటి ఊపిరి నాలుగైదుసార్లు వస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఫిట్స్ అనుకుని చేతిలో తాళాల గుత్తి పెడతారు. మే నెల బెజవాడ ఎండలో అయితే వడదెబ్బ అని నీళ్ళు చల్లుతారు. వడదెబ్బలో ఒళ్ళు కాలిపోతుంది, మాట తడబడుతుంది, కానీ ఊపిరి ఆడుతుంది. అప్పుడు చల్లార్చడమే వైద్యం. పిలిస్తే పలకని, మామూలుగా ఊపిరి తీయని ఆటగాడి విషయంలో గుండె ఆగిందనే అనుకోవాలి. ఏమీ చేయకుండా గడిచే ప్రతి నిమిషానికి బతికే అవకాశం నూటికి ఏడు నుంచి పది పాళ్ళు తగ్గుతుంది. సాయంత్రం బందరు రోడ్డు మీద ఎంత గొప్ప అంబులెన్సు అయినా ఆ నిమిషాల్లో చేరలేదు.

ఒకరు 108కి ఫోను చేయాలి. మరొకరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఛాతీ మధ్యన, రొమ్ము ఎముక కింది సగం మీద, అరచేతి మడమ ఆనించి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదు సెంటీమీటర్ల లోతుకు, ఆరు దాటకుండా, నొక్కాలి. ప్రతిసారి ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. నోటితో ఊపిరి ఊదడం రానివాళ్ళు నొక్కుతూ ఉంటే చాలు. పక్కటెముక విరిగిన చప్పుడు వినబడవచ్చు, ఆపకూడదు, ఎముక అతుక్కుంటుంది. రెండు నిమిషాలు దాటితే చేసేవారి చేతుల్లో బలం తగ్గుతుంది, కాబట్టి మనిషిని మార్చాలి. ఏఈడీ అనే షాకు పెట్టె ఉంటే, దాన్ని తెరిచి ఆన్ చేయగానే అదే ఏం చేయాలో పలుకుతుంది. అవసరం లేని గుండెకు అది షాకు ఇవ్వదు. ఇక్కడి ఆటగాళ్ళ ఒళ్ళు చెమటతో తడిసి ఉంటుంది. పెట్టెలోని అతుకులు, అంటే షాకును ఒంటికి చేర్చే రెండు పట్టీలు, అంటుకోవాలంటే ముందు తువ్వాలుతో ఛాతీ తుడవాలి, తరువాత ఒకటి కుడి కాలర్ ఎముక కింద, రెండోది ఎడమ చంక కింద అతికించాలి. 2021 జూన్ 12న కోపెన్‌హాగెన్‌లో డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ పడిపోయినప్పుడు జరిగినది ఇదే. ఛాతీ నొక్కడం, ఒక షాకు. ఎనిమిది నెలలకు, గుండె లయ తప్పితే సరిచేసే చిన్న యంత్రం ఛాతీలో అమర్చుకుని, మళ్ళీ బూట్లు కట్టుకున్నాడు.

పోయిన వేసవిలో ఒక మైదానంలో అలాంటి పెట్టె కనబడితే సంతోషించి దగ్గరకు వెళ్ళాను. అది గాజు తలుపు వెనక ఉంది, తలుపుకు తాళం ఉంది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉందని, ఆయన టీకి వెళ్ళారని అక్కడి కుర్రవాడు చెప్పాడు. ఆయన వచ్చేదాకా నిలబడి గడియారం చూశాను. పదకొండు నిమిషాలు పట్టింది.