తోతాపురి తోటా, మెమరీ చిప్పూ

చిత్తూరు

చిరంజీవులకు ఆశీస్సులు.

ల్యాప్‌టాప్ రేట్లు ఎందుకు పెరిగాయని మా మనవడు అడిగితే, లోపలుండే మెమరీ చిప్పుల రేటు పెరగబట్టేనని చెప్పా. వాడు అంతటితో ఊరుకోలేదు. "అయితే ఆ మెమరీ కంపెనీల షేర్లు కొనొచ్చుగా తాతా! శాంసంగా, ఎస్‌కే హైనిక్సా, మైక్రానా?" అన్నాడు. మీకూ ఈ సందేహం ఉంటుందని అందరికీ కలిపి రాస్తున్నా.

మన తోతాపురి సంగతి తెలుసు కదా. కాయ ఎవరి తోటదైనా గుజ్జు ఫ్యాక్టరీ ఆ రోజు రేటే ఇస్తుంది. మెమరీ చిప్పూ దాదాపు అంతే. రేటు బాగుందని మొక్క నాటితే కాపుకు నాలుగైదేళ్లు. చిప్పుల ఫ్యాక్టరీ కట్టి నడపాలన్నా రెండు మూడేళ్లు. ఈలోగా పక్కవాడూ నాటేసి ఉంటాడు.

నేను హైస్కూల్లో ఉండగా మా పెదనాయన చెనిక్కాయల చేనంతా మామిడి పెట్టాడు. కావడితో నీళ్లు మోసింది పిల్లలమే. భుజం ఒరుసుకుపోయి చొక్కా తగిలితే మంట. తీరా కాపు వచ్చేసరికి ఊరంతా మామిడే, రేటు పడిపోయింది! రెండు బర్రెలుండబట్టి, పాలడబ్బుతో ఇల్లు గడిచింది.

2023లో చిప్పుల రేటూ అలాగే పడింది. శాంసంగ్ చిప్పుల విభాగానికి దాదాపు 15 లక్షల కోట్ల వాన్‌ల (కొరియా డబ్బు) నష్టం. ఫోన్లు, టీవీల పాడి ఉంది కాబట్టి కంపెనీ మొత్తమ్మీద లాభంలోనే నిలబడింది. మెమరీనే నమ్ముకున్న మైక్రాన్‌కు ఆ ఆర్థిక సంవత్సరంలో 580 కోట్ల డాలర్లు పోయాయి. హైనిక్స్‌కూ దెబ్బే. కానీ ఏఐ కంప్యూటర్లకు కావాల్సిన, చిప్పు మీద చిప్పు పేర్చే హెచ్‌బీఎం అనే మెమరీలో అది ముందుంది. 2025 మొదట్లో డీర్యామ్ (కంప్యూటర్ పనిచేస్తున్నప్పుడు వాడుకునే మెమరీ) అమ్మకాల్లో శాంసంగ్‌నే దాటింది. ఇలాంటి గడ్డుకాలంలోనే జర్మనీ మెమరీ కంపెనీ కిమోండా 2009లో, జపాన్ ఎల్పిడా 2012లో దివాలా తీశాయి. ఎల్పిడాను తర్వాత మైక్రానే కొనుక్కుంది.

ఇంకో చిక్కుంది. లాభాలు పొంగిన ఏడాది పీఈ (షేరు ధర, షేరుకొచ్చే లాభానికి ఎన్ని రెట్లో చెప్పే లెక్క) తక్కువగా కనబడి, షేరు చవకనిపిస్తుంది. కాయా విరగకాసి, రేటూ పలికిన ఒక్క ఏడు చూసి తోటకు వెల కట్టినట్టే అది.

ఏది కొనాలో నేను చెప్పను. అప్పు తెచ్చి మాత్రం కొనకండి, ఆ టెన్షన్ పగవాడికీ వద్దు. మైక్రాన్ లెక్కలు వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. 2018 నుంచి ఏడాదికో వరుస గీసి లాభనష్టాలు, గోడౌన్లో సరుకు, ఫ్యాక్టరీల ఖర్చు రాయండి. 2022 దగ్గర కాస్త ఆగండి. లాభం ఇంకా బోలెడుంది, సరుకు మాత్రం అప్పటికే పేరుకుంటోంది. కింది వరుస కూడా నింపి నాకు జాబు రాయండి.

ఇట్లు,
మీ తాత