నిటారు అనిపించేదంతా నిటారు కాదు

నిటారుగా నిలబడమంటే చాలామంది ఛాతీ ముందుకు తోసి, భుజాలు వెనక్కి లాగి, ఊపిరి బిగబడతారు. రెండు నిమిషాల్లో అలిసిపోయి మళ్లీ వంగిపోతారు. భంగిమ, కదలిక నేర్పే వ్యక్తిగత పాఠాలకు వెళ్లేవాళ్లూ ఇలాంటి కసరత్తే ఉంటుందనుకుంటారు. అక్కడ చేయించేవి ఎక్కువగా మామూలు పనులే: కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, నాలుగడుగులు వేయడం.

ఈ పాఠాల్లో పేరున్నది అలెగ్జాండర్ టెక్నిక్. 1869లో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో పుట్టిన ఫ్రెడరిక్ మథయాస్ అలెగ్జాండర్ వేదికలమీద నాటక భాగాలు వినిపించేవాడు. ప్రదర్శనల్లో గొంతు బొంగురుపోయేది. వైద్యంతో నయం కాక, అద్దాల ముందు నిలబడి తనను తానే గమనించుకున్నాడు. నోరు విప్పబోయిన ప్రతిసారీ తల వెనక్కి లాక్కుంటున్నాడు, నోటితో గాలి ఎగబీలుస్తున్నాడు. దిద్దుకోబోయాడు. తల ముందుకు తెచ్చాననుకుని అద్దంలో చూస్తే అది ఇంకా వెనక్కే ఉంది!

ఆ పొరపాటు మనందరికీ ఉంది. కండరాల్లో సాగుదలను పసిగట్టే గ్రాహకాలుంటాయి. వాటితోపాటు కీళ్లు, లోపలి చెవి కూడా మెదడుకు కబుర్లు పంపుతాయి. కళ్లు మూసుకున్నా చెయ్యి ఎక్కడుందో, తల ఎటు వాలిందో తెలిసేది వాటివల్లే. కానీ ఏళ్ల తరబడి ఒకే తీరున వంగి ఉంటే మెదడుకు అదే మామూలైపోతుంది. అందుకే టీచర్ మిమ్మల్ని సరిగా నిలబెట్టినప్పుడు ముందుకు తూలిపోతున్నట్టు అనిపించవచ్చు. అద్దంలో మాత్రం నిటారుగానే కనిపిస్తారు. ఆ తికమకకు కంగారు పడకండి. నా దృష్టిలో మొదటి పాఠాల్లో దొరికే అత్యంత విలువైన అనుభవం అదే.

పాఠం సాధారణంగా అరగంట నుంచి ముప్పావుగంట ఉంటుంది. వదులైన బట్టలు చాలు, ఏదీ విప్పక్కర్లేదు. టీచర్ మెడమీద, వీపుమీద చెయ్యి తేలిగ్గా ఆనిస్తారు. అది మాలిష్ కాదు, ఎముకలు విరవడమూ కాదు. తాకడం ఇష్టం లేకపోతే ముందే చెప్పవచ్చు. బలం వాడకపోవడానికి కారణముంది: నిండు బిందె మోసే మనిషికి దానిమీద పువ్వు రాలినా తెలియదు. బిగువు తగ్గితేనే చిన్న తేడాలు తెలుస్తాయి. కొంతసేపు తల కింద పుస్తకాలు పెట్టి, మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకోబెడతారు కూడా.

ఇక ఫలితాల మాట. బ్రిటన్‌లో దీర్ఘకాలిక నడుంనొప్పి ఉన్న 579 మందిపై చేసిన పరీక్ష 2008లో వెలువడింది. ఏడాది తర్వాత చూస్తే, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లకు నాలుగు వారాల్లో సుమారు 21 రోజులు నొప్పి ఉండగా, 24 పాఠాలు నేర్చుకున్నవాళ్లకు సుమారు 3 రోజులే. ఆరు పాఠాలతోనూ కొంత మేలు కనిపించింది. అంతమాత్రాన అన్ని జబ్బులకూ ఇదే మందంటే నమ్మకండి. ఉబ్బసానికి పనిచేస్తుందనడానికి సరైన ఆధారం లేదు. కాళ్లలో తిమ్మిరి, బలహీనత ఉన్నా, మూత్రం మీద పట్టు తప్పినా ముందు డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. టీచర్ ఎక్కడ, ఎన్నేళ్లు శిక్షణ పొందారో అడగండి. గుర్తింపున్న శిక్షణ సాధారణంగా మూడేళ్లు సాగుతుంది.

టీచర్ "లేవండి" అంటారు, వెంటనే "ఆగండి" అంటారు. ఇంకా కదలనేలేదు, అప్పటికే మీ మెడ బిగిసి ఉంటుంది. ఆ బిగువును వదిలేశాక లేవమంటారు. ఇంటికెళ్లాక ఫోన్ మోగినప్పుడు చూసుకోండి, చెయ్యి చాచకముందే అదే మెడ మళ్లీ బిగుసుకుంటుంది.