అరంగుళం బోరు, ఆకుపచ్చ గీత

పోయిన నెల తిరుపతి దగ్గర పాకాల పక్కనున్న ఒక పల్లె నుంచి డిగ్రీ చదివే కుర్రాడు నాకు రెండు ప్రశ్నలు పంపాడు. "సార్, మబ్బుల్లేని రాత్రుల్లో గాదంకి దిక్కున ఆకాశంలోకి నిట్టనిలువుగా ఒక ఆకుపచ్చ గీత లేస్తుంది. ఆ లేజరు మబ్బుల్ని చెదరగొట్టబట్టే మనకు వానలు లేవని మా ఊళ్ళో పెద్దోళ్ళు అంటారు. నిజమేనా? కాకపోతే గవర్నమెంటు దాని మీద అంత డబ్బు ఎందుకు పెడుతోంది?"

మొదటి ప్రశ్నకు ఒక గుణకారం, ఒక భాగహారం చాలు. పొడవు, వెడల్పు, ఎత్తు తలా ఒక కిలోమీటరు ఉన్న చిన్న మబ్బును తీసుకుందాం. ఘనపు మీటరుకు అర గ్రాము నీరు అనుకుంటే అందులో 500 టన్నుల నీళ్ళుంటాయి. కిలో నీటిని ఆవిరి చెయ్యడానికి సుమారు 25 లక్షల జౌళ్ళ శక్తి కావాలి. మొత్తం లక్షా పాతిక వేల కోట్ల జౌళ్ళు. గాదంకి ప్రయోగశాల లేజరు మొదట పెట్టినప్పుడు సగటున ఇచ్చింది 11 వాట్లు, అంటే సెకనుకు 11 జౌళ్ళు. భాగించి చూడండి: దాదాపు 3600 ఏళ్ళు పడుతుంది. అదీ ఆ మబ్బు కదలకుండా నిలబడి, వచ్చిన కాంతినంతా తాగేస్తే.

జరిగేది అసలు తలకిందులు. మబ్బు కమ్మితే లేజరు పనే ఆగిపోతుంది. ఆకాశం తేటగా ఉన్న రాత్రే దాన్ని వెలిగిస్తారు. గీత కనిపించిన ఏ రాత్రీ మబ్బు ఉండదు కాబట్టి, గీత వల్లే మబ్బు పోయిందని అనిపించడం సహజం. ఆ పెద్దవాళ్ళను నేను తప్పు పట్టను. చెనక్కాయ చేను ఎండుతుంటే ఎవరైనా ఆకాశం వైపే చూస్తారు, అక్కడ కొత్తగా ఏది కనబడితే దాన్నే అనుమానిస్తారు. కానీ కారణం, కార్యం ఇక్కడ చోట్లు మార్చుకున్నాయి.

రెండో ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు.

తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల ఉంది. అంతరిక్ష శాఖ కింద నడుస్తుంది. 1024 యాంటెనాలున్న అక్కడి రాడార్ గురించి చాలామంది రాశారు, దాన్ని వదిలేస్తున్నాను. నా మనసంతా దాని పక్కనున్న లైడార్ మీదే. 1998లో జపాన్ కమ్యూనికేషన్స్ రీసెర్చ్ లేబొరేటరీతో కలిసి పెట్టారు. రాడార్ రేడియో తరంగాలు పంపి తిరిగొచ్చినవాటిని వింటుంది, లైడార్ ఆ పని కాంతితో చేస్తుంది. దాని గుండెకాయ నియోడిమియం-యాగ్ లేజరు. ఇది ఘనస్థితి లేజరు, అంటే ఇందులో కాంతిని పుట్టించేది ఘన పదార్థం, ఇక్కడైతే స్ఫటికం.

ఇప్పుడు ఆ 11 వాట్ల సంగతి. మన వరండాలో వెలిగే ఎల్‌ఈడీ బల్బు కూడా 9 వాట్లో 12 వాట్లో ఉంటుంది. దాని వెలుగు వీధి చివరకే సరిగ్గా అందదు. అంతే శక్తితో ఈ లేజరు 80 కిలోమీటర్ల ఎత్తున గాలిని ఎలా తడిమి వస్తోంది?

మా మేనమామ చేను దామలచెరువు అవతల ఉండేది. వేసవిలో ఆయన బోరు అరంగుళం నీళ్ళే పోసేది. ఆ నీళ్ళను నేరుగా కాలవలోకి వదిలితే పది బారలు కూడా పోకుండా మట్టిలో ఇంకిపోయేవి. మొదటి రెండు మామిడి చెట్లకు తడి, తక్కినవాటికి దుమ్ము. అందుకని గట్టు మీద సిమెంటు తొట్టి కట్టాడు. కరెంటు ఉన్నంతసేపూ బోరు నీళ్ళు అందులో పడేవి. అడుగున తూముకు పాత పంచె చుట్టి బిగించిన కొయ్య బిరడా. తెల్లవారుజామున నేను పార పట్టుకుని మడవ దగ్గర నిలబడితే మామ వంగి బిరడా లాగేవాడు. నీళ్ళు కాలవ నిండా ఉరికి, నా కాళ్ళను తోసుకుంటూ చివరి పాదు దాకా పోయేవి. అవే నీళ్ళు, ఒక్క చెంబు కూడా పెరగలేదు. అరంగుళం ధారగా పోతే చేరనివి, కూడబెట్టి ఒక్కసారిగా వదిలితే చేరాయి.

నియోడిమియం లేజరులో జరిగేది అచ్చంగా ఇదే. చిటికెన వేలంత లావుండే లేత ఊదారంగు స్ఫటికపు కడ్డీ మన తొట్టి. ఇట్రియం, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన ఆ స్ఫటికంలో ప్రతి నూరు ఇట్రియం పరమాణువుల్లో సుమారు ఒకదాని చోట నియోడిమియం కూర్చుని ఉంటుంది. పక్కన ఫ్లాష్ దీపం ఒకసారి భళ్ళున వెలుగుతుంది, బోరు పోసినట్టు. నియోడిమియం అయాన్లు ఆ కాంతిని తాగి పై శక్తి స్థాయికి ఎక్కి కూర్చుంటాయి. అక్కడ సగటున 230 మైక్రోసెకన్లు ఆగగలవు (మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల వంతు, నానోసెకను అందులో వెయ్యో వంతు). పరమాణువుల లోకంలో అది చాలా పెద్ద విశ్రాంతి. చాలా పరమాణువులు పై స్థాయిల్లో కొన్ని నానోసెకన్లే నిలబడతాయి. నియోడిమియంను ఎంచుకోవడానికి ఈ ఓర్పు ఒక ముఖ్య కారణం.

తూము బిరడా పేరు క్యూ-స్విచ్. కడ్డీకి రెండు వైపులా అద్దాలుంటాయి. కాంతి వాటి మధ్య అటూ ఇటూ తిరిగితేనే లేజరు మొదలవుతుంది. ఒక అద్దానికి ముందు పాకెల్స్ సెల్ అనే స్ఫటికాన్ని పెట్టి, కొన్ని వేల వోల్టులతో కాంతి దారి మూసేస్తారు. తొట్టి నిండుతున్నంతసేపూ దారి మూతే. నిండగానే ఆ వోల్టేజిని నానోసెకన్లలో మారుస్తారు. బిరడా లేచింది! కూడబెట్టిన శక్తంతా 7 నానోసెకన్లలో ఒక్క పల్స్‌గా, అంటే ఒక్క కాంతి విసురుగా, బయటికొస్తుంది. పల్స్‌కు 550 మిల్లీజౌళ్ళు, సెకనుకు 20 పల్స్‌లు. గాదంకి లేజరు మొదట్లో ఇచ్చిన లెక్క ఇది, గుణిస్తే మన 11 వాట్లే. కానీ ఆ 7 నానోసెకన్ల పాటు ఉండే శక్తి సుమారు 7.9 కోట్ల వాట్లు. అంతసేపట్లో కాంతి పోయేది రెండు మీటర్ల పైచిలుకు, కాబట్టి ఆకాశంలోకి లేచేది నిజానికి గీత కాదు. మనిషి నిలువుకన్నా కాస్త పొడవైన కాంతి ముక్క, సెకనుకు ఇరవై సార్లు. సెకను మొత్తంలో అది వెలిగేది 140 నానోసెకన్లు. మన కన్ను వాటన్నిటినీ కలిపి గీతగా చూపిస్తుంది.

తొట్టిని ఇంకొంచెం తవ్వుదాం, అది ఇంకా చాలా చెబుతుంది. మామ తొట్టికి సన్నటి బీటలుండేవి. రాత్రి నింపి మర్నాడు సాయంత్రం దాకా ఉంచితే మూడొంతులు కారిపోయేది. అయాన్లు కూడా పిలవకముందే ఒకటొకటిగా కిందికి దిగి, దిక్కూ తెన్నూ లేకుండా కాంతిని వదిలేస్తుంటాయి. అందుకే 230 మైక్రోసెకన్లు దాటి పోస్తూ కూర్చుంటే లాభం లేదు, పోసినంతా కారిపోతుంది. దీపం ఆ గడువులోపే వెలిగి ఆరాలి. తొట్టిని మరీ అంచు దాకా నింపితే బిరడా తియ్యకముందే పక్క నుంచి గండి పడుతుంది. లేజరు కడ్డీలో కూడా అంతే: దారి తప్పిన ఒక ఫోటాన్ (కాంతి రేణువు) కడ్డీ పొడవునా పోతూ తనలాంటివాటిని లేపి, కూడబెట్టినదంతా పక్కదారిన పట్టుకుపోతుంది. లేజరు కట్టేవాళ్ళను రాత్రుళ్ళు నిద్రపోనివ్వని టెన్షన్ ఇదే.

ఒక్కచోట మాత్రం తొట్టి పోలిక చాలదు. నీటిబొట్టు ఇంకో నీటిబొట్టును పిలవదు, ఫోటాన్ పిలుస్తుంది. అలిపిరి మెట్లెక్కుతుంటే ఎవరో ఒకరు "ఏడుకొండలవాడా, వేంకటరమణా" అంటారు. అలసటతో మౌనంగా ఉన్నవాళ్ళంతా ఒకే గొంతుతో "గోవిందా, గోవిందా" అంటారు. ఎవరూ సొంత పాట ఎత్తుకోరు. పిలిచిన స్వరంలోనే, పిలిచిన వేళకే పలుకుతారు. పై స్థాయిలో కూర్చున్న అయాన్‌ను సరైన ఫోటాన్ తాకితే అది అదే రంగు, అదే దిక్కు, అదే లయలో ఇంకో ఫోటాన్‌ను ఇస్తుంది. ఐన్‌స్టయిన్ 1917లోనే ఈ మాట లెక్కగట్టి చెప్పాడు. మన తరగతుల్లో మాత్రం లేజర్ అనే పొట్టిపేరును విడదీసి రాస్తే రెండు మార్కులు, శక్తి స్థాయిల మూడు గీతలకు బాణాలు వేస్తే నాలుగు మార్కులు. ఎందుకు కూడబెట్టాలి, ఎంతసేపు ఆగాలి అని అడిగే ప్రశ్నపత్రం నేనింతవరకు చూడలేదు. ఇది నాకు నిజంగా బాధ.

నియోడిమియం ఇచ్చే కాంతి తరంగదైర్ఘ్యం 1064 నానోమీటర్లు, అది కంటికి కనబడదు. దాన్ని ఇంకో స్ఫటికం గుండా పంపితే రెండేసి ఫోటాన్లు ఒకటిగా కలిసి 532 నానోమీటర్ల ఆకుపచ్చ పుడుతుంది. 1961లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంపు లేజరుతో ఇలా తరంగదైర్ఘ్యాన్ని సగం చేయడం మొదటిసారి చూపించారు. ఫొటోలో పడిన ఆ చిన్న చుక్కను అచ్చువేసేవాళ్ళు మరకనుకుని చెరిపేశారు, వ్యాసం చుక్క లేకుండానే వెలువడింది.

గాదంకి నుంచి ఒక్కో పల్స్‌లో పోయేవి ఎన్ని ఫోటాన్లు? ఒకటి పక్కన 18 సున్నాలు వేసి, దానికి సగం కలపండి. 50 కిలోమీటర్ల ఎత్తున, 300 మీటర్ల మందమున్న గాలి పొర నుంచి 75 సెంటీమీటర్ల టెలిస్కోపు అద్దం మీదికి తిరిగొచ్చేవి, నేను కాగితం మీద వేసుకున్న లెక్కలో, ఏ యాభయ్యో. 80 కిలోమీటర్ల నుంచి ఒకటి కూడా రాదు, రెండు మూడు పల్స్‌లకు ఒకటి. అందుకే 5000 పల్స్‌లు, అంటే 250 సెకన్ల పాటు వచ్చినవాటిని కలిపి మొదట్లో ఒక కొలత చేసేవారు. వాటి నుంచి గాలి సాంద్రత, సాంద్రత నుంచి ఉష్ణోగ్రత తెలుస్తాయి. ఆ ఎత్తుకు విమానం పోదు, బెలూన్ పోదు. ఉపగ్రహం అంత కిందికి దిగి నిలవలేదు. మన నెత్తి మీద 14, 15 కిలోమీటర్ల ఎత్తున కంటికి ఆననంత పలుచగా పరుచుకునే మంచు స్ఫటికాల మబ్బుల్ని కూడా ఇదే పట్టిస్తుంది.

ఇక డబ్బు. ప్రతి లేజరుకూ ఒక గడప ఉంటుంది. దీపానికి ఇచ్చే శక్తి ఆ గడప కింద ఉన్నంతవరకు వచ్చేది చెల్లాచెదురు కాంతే. గడప దాటాక పోసిన ప్రతి అదనపు జౌలులో ఒక వాటా నేరుగా కిరణంలోకి పోతుంది. పరిశోధనకు ఇచ్చే నిధులు కూడా ఇలాగే నడుస్తాయని నా గట్టి నమ్మకం. పది ప్రయోగశాలలకు తలా పదో వంతు లేజరుకు సరిపడా డబ్బిస్తే పది చోట్లా లేజరు ఉండదు.

చరిత్ర చూడండి. 1959లో అమెరికా రక్షణ శాఖలోని ఆర్పా అనే పరిశోధన సంస్థ దగ్గరికి టీఆర్‌జీ అనే చిన్న కంపెనీ వెళ్ళి లేజరు కోసం 3 లక్షల డాలర్లు అడిగింది. ఆర్పా 9,99,000 డాలర్లు ఇచ్చింది! లేజర్ అన్న పేరు పెట్టిన గోర్డన్ గూల్డ్ ఆ కంపెనీలోనే ఉన్నాడు. కానీ పనిని రహస్యం చేసేసరికి, పాత వామపక్ష పరిచయాల వల్ల ఆయనకే ఆ ప్రాజెక్టులో పనిచేసే అనుమతి రాలేదు. 1960 మే 16న మొదటి లేజరు వెలిగింది వేరేచోట. హ్యూస్ పరిశోధనాశాలలో థియొడోర్ మైమన్, కంపెనీ సొంత డబ్బుతో, కెంపు కడ్డీకి ఫొటోల ఫ్లాష్ దీపం చుట్టి వెలిగించాడు. సర్కారు డబ్బు దండగ అనేవాళ్ళు ఈ కథను ఇక్కడ ఆపేస్తారు. కానీ మైమన్‌కు కెంపు మీద అంత పట్టు వచ్చింది అంతకుముందు అమెరికా సైన్యం కోసం కెంపు మేజరు (లేజరుకు ముందు వచ్చిన, మైక్రోతరంగాలతో పనిచేసే పరికరం) తయారు చెయ్యడం వల్ల. తొట్టి అప్పటికే నిండి ఉంది.

మన దేశంలోనూ 1964కే ట్రాంబేలో సెమీకండక్టర్ లేజరు వెలిగింది. లేజర్ల కోసమే అణుశక్తి శాఖ ఇందోరులో కేంద్రానికి 1984లో పునాది వేసింది. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర డీఆర్‌డీవో 30 కిలోవాట్ల లేజరుతో డ్రోన్లను కూల్చి చూపించింది. ఆ వార్త చూసి అందరం పొంగిపోయాం. దాని వెనకాల కూడబెట్టిన దశాబ్దాలను తలచుకున్నవాళ్ళు తక్కువ. 2020-21 లెక్కల్లో దేశం పరిశోధన మీద పెట్టింది జీడీపీలో 0.64 శాతం. పరిశోధనకు నిధులివ్వడానికి 2023లో చట్టం చేసి పెట్టిన అనుసంధాన్ ఫౌండేషన్‌కు అయిదేళ్ళలో 50,000 కోట్లు అన్నారు, అందులో సగానికి పైగా ప్రభుత్వం వెలుపలి నుంచి రావాలి. అంకె పెద్దదే. నా భయం అంకె గురించి కాదు, బీటల గురించి. యాగ్ స్ఫటికం 1970 డిగ్రీల దగ్గర కరిగిన ముద్ద నుంచి గంటకు అర మిల్లీమీటరు చొప్పున పైకి లాగితే పెరుగుతుంది, ఒక్క దిమ్మకు వారాలు. మధ్యలో కొలిమి ఆరితే అది పగులుతుంది, మళ్ళీ మొదటి నుంచే. ప్రాజెక్టు డబ్బు ఆరు నెలలు ఆగితే, ఆ కొలిమి దగ్గర చెయ్యి తిరిగిన కుర్రాళ్ళు ఉద్యోగాలు వెతుక్కుంటూ బెంగళూరు వెళ్ళిపోతారు. పై స్థాయి నుంచి ఒక్కొక్కరే దిగిపోయినట్టే. తర్వాత డబ్బు రెట్టింపు ఇచ్చినా వాళ్ళు తిరిగి రారు.

ఇంకా చెయ్యాల్సిన పని బోలెడు ఉంది. ఫ్లాష్ దీపం వాన లాంటిది, చేనంతా కురిసి తొట్టిలో పడేది కొంచెమే. 2022 డిసెంబరు 5న అమెరికాలో నియోడిమియం కలిపిన గాజుతో నడిచే 192 కిరణాలు హైడ్రోజన్ మీదికి 20.5 లక్షల జౌళ్ళు పంపితే, దాని కేంద్రకాలు కలిసిపోయే సంలీనంలో 31.5 లక్షల జౌళ్ళు వచ్చాయి. కానీ ఆ కిరణాల్ని పుట్టించడానికి కరెంటు తీగల్లోంచి లాగింది 30 కోట్ల జౌళ్ళు. ఫ్లాష్ దీపం బదులు 808 నానోమీటర్ల లేజరు డయోడ్లతో శక్తి పోస్తే నియోడిమియం తాగగలిగే రంగు మాత్రమే దానికి అందుతుంది, మన చేలల్లో డ్రిప్పు పైపులాగా. ఆ డయోడ్లు, ఆ స్ఫటికాలు మన దగ్గరే తయారు కావాలి.

తమ్ముడూ, నీ మొదటి ప్రశ్నకు తిరిగొస్తాను. నా 3600 ఏళ్ళ లెక్కను మీ పెద్దవాళ్ళు నమ్మకపోవచ్చు. ఒక నోట్‌బుక్ తీసుకో. రోజూ రాత్రి తొమ్మిదింటికి మిద్దె ఎక్కి మూడు మాటలు రాయి: మబ్బు ఉందా, గీత ఉందా, తర్వాత రెండు రోజుల్లో వాన పడిందా. జనవరిలో మొదలుపెట్టి ఈశాన్య రుతుపవనాలు ముగిసేదాకా ఆపకు. ఆ పుస్తకాన్ని రచ్చబండ దగ్గర వాళ్ళ ముందే తెరిచి వాళ్ళతోనే లెక్కపెట్టించు. ఒక కాపీ నాకూ పంపు.