కొన్న వస్తువు పాడైతే షాపు డబ్బు వెనక్కి ఇవ్వాలా? అపోహలు – వాస్తవాలు

వినియోగదారుల కమిషన్‌లో, అంటే జనం కన్స్యూమర్ కోర్టు అనే చోట, కేసులు వాదించడం నా వృత్తి. కొన్న వస్తువు ఇంటికొచ్చాక పాడైందని వచ్చేవాళ్లలో కొందరు "బిల్లు మీద నో రిటర్న్ అని ఉంది కదండీ, ఇంకేం చేయగలం" అని ముందే ఆశ వదిలేసుకుని వస్తారు. మరికొందరు "కొని వారం కూడా కాలేదు, డబ్బు ఇచ్చి తీరాలి" అని పట్టుదలగా వస్తారు. చట్టం ఈ ఇద్దరూ అనుకున్నట్టు లేదు. వస్తువు ఏ రోజు పాడైందన్నది రెండో సంగతి. లోపం కొన్నప్పుడే అందులో ఉందా, మన చేతికి వచ్చాక ఏదైనా జరిగి పాడైందా అన్నదాని మీదే డబ్బు వాపసు ఆధారపడుతుంది. ఆ సంగతి తేల్చే కాగితాలు మొదటి రెండు మూడు రోజుల్లోనే తయారవుతాయి. చాలామంది నష్టపోయేది అక్కడే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు మీద ఉంటే ఇక అంతే

వాస్తవం: ఆ ముద్ర లోపమున్న సరుకుకు పనిచేయదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సెక్షన్ 2(47) ఏవేవి అనుచిత వ్యాపార పద్ధతులో వరసగా చెబుతుంది. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అందులో ఒకటి. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులోపు, ఏమీ రాయకపోతే 30 రోజుల్లోపు షాపు ఆ పని చేయాలి. చట్టం ఇచ్చిన హక్కును షాపువాళ్లు రబ్బరు స్టాంపుతో తీసేయలేరు.

"డబ్బు ఇవ్వం, క్రెడిట్ నోట్ ఇస్తాం, మా షాపులోనే వేరేది కొనుక్కోండి" అనే మాట కూడా ఇలాంటిదే. చట్టంలో ఉన్నది చెల్లించిన సొమ్ము వాపసు. మీకు ఇష్టమైతే క్రెడిట్ నోట్ తీసుకోవచ్చు, లేకపోతే అక్కర్లేదు. "జీఎస్టీ మాత్రం వెనక్కి రాదండీ" అన్నా నమ్మొద్దు. సరుకు వెనక్కి వచ్చినప్పుడు పన్ను సర్దుబాటు చేసుకోవడానికి జీఎస్టీ చట్టంలోనే వ్యాపారికి దారి ఉంది.

అపోహ: కొన్న ఏడు రోజుల్లోపు ఏ వస్తువైనా వెనక్కి ఇచ్చేయొచ్చు

వాస్తవం: ఇది ఆన్‌లైన్ షాపింగ్ నుంచి వచ్చిన అలవాటు. వస్తువు బాగానే ఉండి రంగు నచ్చలేదనో, పక్క షాపులో వెయ్యి తక్కువకు దొరికిందనో వెనక్కి ఇచ్చే హక్కు మన చట్టంలో లేదు. అలాంటప్పుడు మార్చి ఇవ్వడం షాపువాళ్ల మర్యాద, వాళ్లు పెట్టుకున్న పాలసీ. ఆన్‌లైన్‌లో ఏడు రోజులు, పది రోజులు అని కనిపించేవి కూడా ఆయా కంపెనీలు పెట్టుకున్న గడువులే. అయితే 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సరుకులో లోపం ఉన్నా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా అమ్మినవాళ్లు వాపసు తీసుకోనని అనడానికి లేదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోపు పరిష్కరించాల్సిన బాధ్యత వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్‌ది, అంటే ఫిర్యాదులు చూసే అధికారిది.

అపోహ: సర్వీస్ సెంటర్ "ఫిజికల్ డ్యామేజ్" అని రాసిందంటే కేసు పోయినట్టే

వాస్తవం: నా దగ్గరికి వచ్చే ఎలక్ట్రానిక్ వస్తువుల గొడవల్లో ఎక్కువ భాగం ఈ రెండు మాటల చుట్టూనే తిరుగుతాయి. అందుకే ఇక్కడ కాసేపు ఆగుదాం.

టీవీ కొన్న నాలుగో రోజు తెర మీద నిలువు గీతలు వచ్చాయనుకోండి. కంపెనీ టెక్నీషియన్ వచ్చి చూసి జాబ్ షీట్ రాస్తాడు. అందులో ఒక గడిలో కస్టమర్ చెప్పిన ఫిర్యాదు, ఇంకో గడిలో టెక్నీషియన్ గమనించింది, కింద మీ సంతకం. హడావుడిలో ఎవరూ చదవరు. ఫోన్‌లో ఓటీపీ అడిగితే చెప్పేస్తారు. తర్వాత చూస్తే "ప్యానెల్ డ్యామేజ్, కస్టమర్ మిస్‌హ్యాండ్లింగ్, నాట్ కవర్డ్" అని ఉంటుంది. రేపు కమిషన్ ముందు కంపెనీ పెట్టే మొదటి కాగితం అదే, దాని కింద ఉన్న సంతకం మీదే.

కాబట్టి సంతకం పెట్టే ముందు, ఓటీపీ చెప్పే ముందు రెండు గడులూ చదవండి. దెబ్బ తగిలిన తెరకు సాధారణంగా ఒక చోట దెబ్బ గుర్తు ఉండి, అక్కడి నుంచి పగుళ్లు నలువైపులా పాకి ఉంటాయి. పగులు ఎక్కడా లేకుండా గీతలు మాత్రమే ఉంటే "దెబ్బ ఎక్కడ తగిలిందో చూపించండి, అదే షీట్‌లో రాయండి" అని అడగండి. రాయనంటే సంతకం పక్కనే తెలుగులోనే "ఈ పరిశీలనతో నేను ఏకీభవించడం లేదు, తెర మీద పగులు లేదు" అని రాసి ఫొటో తీసుకోండి. కాగితం లేకుండా అంతా ఫోన్‌లోనే నడిస్తే అదే రోజు కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. తెర వెలుగుతున్నప్పుడు ఒకటి, ఆపేసి టార్చ్ లైటు ఏటవాలుగా వేసి ఒకటి, రెండు వీడియోలు తీయండి. ఆపేసిన తెర మీద ఏటవాలు వెలుగులో పగులు ఉంటే దాగదు, లేకపోతే లేదని స్పష్టంగా తెలుస్తుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. లోపం ఉందని నిరూపించాల్సిన భారం మొదట ఫిర్యాదు చేసినవాళ్ల మీదే ఉంటుంది. సేవా లోపం విషయంలో సుప్రీంకోర్టు 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో ఇదే చెప్పింది. "నేను కస్టమర్‌ని, నా మాట నమ్మాలి" అంటే సరిపోదు. కంటికి తేలని లోపమైతే వస్తువును ల్యాబ్‌కు పంపించి పరీక్ష చేయించే అధికారం కమిషన్‌కు సెక్షన్ 38 కింద ఉంది, అడగొచ్చు. అందుకే కేసు తేలేదాకా వస్తువును బయట మెకానిక్‌తో విప్పించొద్దు, పాత సామాన్లవాళ్లకు అమ్మొద్దు. వస్తువే లేకపోతే పరీక్ష దేనికి చేస్తారు?

ఫ్రిజ్, ఏసీల్లో బోర్డు కాలిపోతే వినిపించే జవాబు వేరు: "మీ ఇంట్లో వోల్టేజ్ ప్రాబ్లమ్ అండి." అది నిజం కూడా కావచ్చు. అదే రోజు పక్కిళ్లలో కూడా ఫ్యాన్లు, బల్బులు పోయి ఉంటే అది షాపుతో తేలేది కాదు, కరెంటు ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాల్సిన సంగతి. కానీ "స్టెబిలైజర్ అవసరం లేదు" అని చెప్పి అమ్మిన వస్తువైతే, ఎంత వోల్టేజ్ నుంచి ఎంత వోల్టేజ్ దాకా తట్టుకుంటుందో మాన్యువల్‌లో ఉంటుంది. ఆ హద్దు దాటిందని దేన్నిబట్టి చెబుతున్నారో అడగండి. మీటర్ పెట్టి చూడకుండానే వోల్టేజ్ అని రాసేసిన షీట్లు నేను చాలా చూశాను.

ఫోన్లలో నీళ్ల సంగతి మాత్రం జాగ్రత్త. లోపల తడి తగిలితే రంగు మారే చిన్న స్టిక్కర్ ఉంటుంది. వాటర్ రెసిస్టెంట్ అని ప్రకటించిన ఫోన్లకు కూడా చాలా కంపెనీలు తడి వల్ల వచ్చిన నష్టాన్ని వారంటీలో చేర్చవు. ఆ స్టిక్కర్ రంగు మారి ఉంటే కేసు కష్టమేనని నేను మొహం మీదే చెప్పేస్తాను.

అపోహ: డెలివరీ చలానా మీద సంతకం పెట్టాక దారిలో తగిలిన దెబ్బకు షాపుకు సంబంధం లేదు

వాస్తవం: షాపువాళ్లే తమ ట్రాలీలో పంపిస్తే, దారిలో జరిగిన నష్టానికి సాధారణంగా వాళ్లే జవాబుదారీ. మీరే సొంతంగా ఆటో మాట్లాడుకుని, డైనింగ్ టేబుల్ అద్దాన్ని తాడుతో కట్టించుకుని తీసుకెళ్తే, అది స్పీడ్ బ్రేకర్ దగ్గర పగిలితే ఆ నష్టం మీదే. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం సరుకు మీద హక్కు కొన్నవాళ్లకు మారితే, వేరే ఒప్పందం లేనంతవరకూ నష్ట భయం కూడా వాళ్లకే మారుతుంది. "డెలివరీ ఫ్రీనా, మీ బండేనా" అన్న ప్రశ్న బిల్లు వేయించేటప్పుడే అడగాలి.

చలానా మీద "మంచి స్థితిలో అందింది" అని అచ్చు వేసి ఉంటుంది. మూసిన పెట్టెకు ఆ మాట ఎలా ఒప్పుకుంటాం? "పెట్టె తెరిచి చూడలేదు" అని రాసి సంతకం పెట్టండి. సరుకును పరిశీలించుకునే సమంజసమైన అవకాశం దొరికేదాకా కొన్నవాళ్లు దాన్ని అంగీకరించినట్టు కాదని ఆ పాత చట్టమే చెబుతుంది. అన్‌బాక్సింగ్ వీడియో ఉండి తీరాలని చట్టంలో ఎక్కడా లేదు. ఉంటే మాత్రం వాదనలో సగం పని అదే చేస్తుంది, తీయండి.

అపోహ: షాపువాళ్లు అమ్మారంతే, ఏదున్నా కంపెనీతోనే చూసుకోవాలి

వాస్తవం: మీ దగ్గర డబ్బు తీసుకుని బిల్లు ఇచ్చింది షాపు. "టోల్ ఫ్రీకి ఫోన్ చేసుకోండి" అని పంపించేస్తే వాళ్ల బాధ్యత తీరిపోదు. తయారీలోనే లోపం ఉందని తేలితే చివరికి ఎవరు ఎంత కట్టాలో కమిషన్ చూస్తుంది. మీరు నోటీసు ఇచ్చేటప్పుడు, ఫిర్యాదు వేసేటప్పుడు షాపునూ కంపెనీనీ ఇద్దరినీ చేర్చండి. ఒక్కరినే చేరిస్తే ఆ ఒక్కరూ రెండోవాళ్ల మీదికి తోసేస్తారు.

అపోహ: బిల్లు పోతే హక్కు పోయినట్టే

వాస్తవం: యూపీఐ చెల్లింపు, కార్డు స్టేట్‌మెంట్, స్టాంపు వేసిన వారంటీ కార్డు, షాపువాళ్లతో నడిచిన వాట్సాప్ మెసేజులు, ఇవన్నీ సాక్ష్యాలే. అసలు బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి అని చట్టం అంటోంది. ఇంకొక సంగతి. ఇప్పుడిచ్చే బిల్లులు ఎక్కువగా థర్మల్ పేపర్ మీదే వస్తున్నాయి. బీరువాలో భద్రంగా దాచినా కొన్ని నెలలకు అక్షరాలు చెరిగిపోయి తెల్ల కాగితం మిగులుతుంది. ఇంటికి రాగానే ఫొటో తీసి పెట్టుకోండి.

బిల్లు వేరేవాళ్ల పేరు మీద ఉన్నా కంగారు అక్కర్లేదు. కొన్నవాళ్ల అనుమతితో వాడుకునేవాళ్లు కూడా వినియోగదారులే. అమెరికాలో ఉన్న అమ్మాయి ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడితే తెనాలిలో అమ్మానాన్నలు వాడుకుంటున్న వాషింగ్ మెషీన్ గురించి ఆ అమ్మానాన్నలే ఫిర్యాదు చేయొచ్చు.

అపోహ: చీరలకు, డిస్కౌంట్ సరుకుకు గ్యారంటీ ఉండదు

వాస్తవం: డిస్కౌంట్ ఇచ్చినంత మాత్రాన లోపమున్న సరుకు అంటగట్టే హక్కు రాదు. ఫలానా చోట చిరుగు ఉంది, అందుకే సగం ధర అని ముందే చూపించి అమ్మితే మాత్రం ఆ చిరుగు గురించి తర్వాత అడగలేం.

చీర రంగు దిగితే ముందు లేబుల్ చూడండి. డ్రై క్లీన్ మాత్రమే అని ఉన్నదాన్ని మెషీన్లో వేసి ఉంటే వాదించడానికి ఏమీ మిగలదు. అలాంటి సూచన ఏదీ లేకుండా, "ఇంట్లోనే ఉతుక్కోవచ్చండీ" అని చెప్పి అమ్మితే సంగతి వేరు. అలాంటి కేసుల్లో మేము తెల్ల నూలు గుడ్డ తడిపి, చీర మడత లోపల ఎవరూ కట్టని, ఉతకని చోట రుద్ది, గుడ్డకు అంటిన రంగును ఫొటో తీయిస్తాం. ల్యాబ్ రిపోర్టుకు ఇది సమానం కాకపోవచ్చు, కానీ షాపు యజమాని ముందు పెడితే చాలాసార్లు మాట మారుతుంది. ఇలాంటివి వీలైనంతవరకూ కేసు దాకా రాకుండా తేలడమే మంచిదని నా అభిప్రాయం.

అపోహ: లోపం తేలితే మొత్తం డబ్బు వచ్చి తీరుతుంది

వాస్తవం: రావచ్చు, రాకపోవచ్చు. లోపం సరిచేయమనడం, కొత్త వస్తువు ఇమ్మనడం, డబ్బు వాపసు, పరిహారం, వీటిలో ఏది తగినదో కమిషన్ నిర్ణయిస్తుంది. పాడైన భాగం మార్చడం వరకే వారంటీ ఉన్నప్పుడు మొత్తం వాహనాన్నే మార్చమనడం కుదరదని 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. అందుకే రిపేరు చేసిన ప్రతిసారీ జాబ్ షీట్ అడిగి తీసుకోండి. ఒకే లోపం మూడుసార్లు సరిచేసినా మళ్లీ వచ్చిందని కాగితాల మీద కనిపిస్తే, డబ్బు వాపసు అడగడానికి అప్పుడు బలం వస్తుంది.

ఈఎంఐలో కొన్నవాళ్లకు ఒక మాట. కోపంతో కిస్తీలు ఆపేయకండి. అప్పు ఇచ్చిన ఫైనాన్స్ కంపెనీకీ వస్తువులోని లోపానికీ సంబంధం లేదు, దెబ్బతినేది మీ సిబిల్ స్కోరే. కిస్తీలు కడుతూనే, కట్టిన వడ్డీని కూడా ఫిర్యాదులో కలిపి అడగండి.

అపోహ: కన్స్యూమర్ కోర్టు అంటే లాయరు ఫీజులు, ఏళ్ల తరబడి తిరగడం

వాస్తవం: న్యాయవాదినైన నేనే చెబుతున్నాను, లాయరు తప్పనిసరి కాదు. మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదు ఫీజు లేదు. కొన్న ఊళ్లోనో, షాపు లేదా కంపెనీ ఉన్న ఊళ్లోనో వేయాలన్న నియమం కూడా 2019 చట్టంతో పోయింది. హైదరాబాద్‌లో కొని శ్రీకాకుళంలో ఉంటుంటే శ్రీకాకుళంలోనే వేయొచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. గడువు, గొడవకు కారణం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్లు.

ముందుగా 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వలేరు, ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబడతారు. పెద్ద కంపెనీలతో ఇది తరచూ పనిచేస్తుంది. వీధి చివరి షాపుతో అయితే స్పీడ్ పోస్టులో పంపిన ఒక పేజీ నోటీసుకే బలం ఎక్కువ. ఏం కొన్నారు, ఎప్పుడు, ఎంతకు, ఏం పాడైంది, ఎంత డబ్బు, ఎన్ని రోజుల్లో కావాలి, అంతే రాయండి.

కాలం విషయంలో మాత్రం జనం భయంలో నిజముంది. ఎదుటివాళ్లకు నోటీసు అందిన రోజు నుంచి 3 నెలల్లో, ల్యాబ్ పరీక్ష అవసరమైతే 5 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతోంది. ఆర్డరు వచ్చాక అవతలివాళ్లు అప్పీలుకు వెళ్లాలంటే 45 రోజుల్లోపు వెళ్లాలి, కట్టమన్న మొత్తంలో సగం ముందు జమ చేయాలి. అప్పీలూ లేక, డబ్బూ కట్టక ఊరుకుంటే అదే కమిషన్‌లో అమలు పిటిషన్ వేయండి. ఆర్డరు పాటించనివాళ్లకు సెక్షన్ 72 కింద నెల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. వారెంట్ మాట వచ్చేసరికి అదే వాయిదాకు డీడీ (డిమాండ్ డ్రాఫ్ట్)తో వచ్చిన షాపు యజమానులను చూశాను.